ఎస్‌సీసీలో కమ్మీకి పట్టు తప్పితే ఎక్కడ వెతకాలి?

వైబ్రేటర్ పెట్టకుండా పోసే సెల్ఫ్ కాంపాక్టింగ్ కాంక్రీట్ (ఎస్‌సీసీ) కమ్మీని ఎలా పట్టుకుంటుందని మేస్త్రీలు అడుగుతుంటారు. మిక్స్ సరిగ్గా కుదిరితే మామూలు కాంక్రీట్‌కి ఏమీ తీసిపోదు. పైకి ఊరే నీరు తక్కువ కాబట్టి చాలాసార్లు కాస్త మెరుగే. పట్టు పోయిందంటే ముందు స్టీలును కాదు, నీళ్లను అనుమానించండి.

సమస్య: పోసిన కొన్ని గంటలకే లోతైన బీమ్ పైన, కమ్మీల వెంబడి గీతలు.

కారణం: కాంక్రీట్ కిందికి కుంగుతుంది, కమ్మీ కుంగదు. పైన చీలిక వస్తుంది, కమ్మీ కింద నీరు చేరి సన్నటి ఖాళీ మిగులుతుంది. అలాంటి చోట కాంక్రీట్ చెక్కి చూస్తే కమ్మీ పైవైపు గాట్ల అచ్చు స్పష్టంగా ఉంటుంది, కిందివైపు అంత ఉండదు. కమ్మీ కింద 300 మి.మీ. కంటే ఎక్కువ కాంక్రీట్ ఉంటే అమెరికా కాంక్రీట్ నియమావళి ఏసీఐ కోడ్ ల్యాప్ పొడవు (రెండు కమ్మీలు పక్కపక్కనే కలిసుండే పొడవు) 1.3 రెట్లు అడిగేది ఇందుకే. మన దేశపు కాంక్రీట్ కోడ్ ఐఎస్ 456లో ఎం30 గ్రేడ్ కాంక్రీట్‌కి నున్నటి కమ్మీ పట్టు 1.5 ఎంపీఏ, గాట్ల కమ్మీకి దానిమీద 60 శాతం ఎక్కువ. ఆ లెక్కంతా చుట్టూ కాంక్రీట్ నిండిందన్న నమ్మకం మీదే.

మే నెల ఎండలో రేణిగుంట రోడ్డు ట్రాఫిక్‌లో లారీ ఆగితే మిక్స్ బిగుస్తుంది. సైట్‌కి రాగానే ఎవరో ఒకరు నీళ్ల పైపు అందుకుంటారు. అక్కడే చెడుతుంది. ఈశాన్య వానల్లో తడిసిన ఇసుక తేమ లెక్క కట్టకపోయినా అంతే.

పరిష్కారం: నీళ్లు వద్దు. అడ్‌మిక్స్చర్ (కాంక్రీట్ జారుడుగా ఉండేందుకు కలిపే రసాయనం) మోతాదు ప్లాంట్ టెక్నీషియన్ చేతే సరిచేయించండి. స్లంప్ ఫ్లో, అంటే కోన్ ఎత్తాక కాంక్రీట్ ఎంత వెడల్పు పరుచుకుందో చూడండి, మామూలు పనులకు 660–750 మి.మీ. సరిపోతుంది. అంకె ఒక్కటే చాలదు: పరుచుకున్న కాంక్రీట్ అంచున నీటి వలయం, నడుమ కంకర కుప్ప కనిపిస్తే లారీని వెనక్కి పంపాల్సిందే. గట్టిపడకముందే గీత కనబడితే తాపీతో మళ్లీ అదిమి మూయొచ్చు. గట్టిపడ్డాక పైన సిమెంట్ పాలు పోస్తే గీత దాగుతుందే గానీ కింది ఖాళీ నిండదు, స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవండి.

బీమ్, కాలమ్ కలిసే చోట బొక్కలుంటే కమ్మీల సందుకి కంకర పెద్దదైందన్నమాట. కమ్మీల సందుల్లోంచి కాంక్రీట్ పారుతుందో లేదో చూసే జె-రింగ్ పరీక్షతో ముందే తెలుస్తుంది, 10–12 మి.మీ. కంకరకి మారండి. అన్ని వైపుల నుంచీ పోయొద్దు, ఒకవైపు నుంచి పోస్తే లోపలి గాలి బయటికి పోతుంది.

ఇవేవీ కాకపోతే కమ్మీని చూడండి. గట్టిగా అంటుకున్న పలచటి తుప్పు ఫర్వాలేదు, పెచ్చులూడేది వైర్ బ్రష్‌తో గీకాలి. సెంట్రింగ్ పలకలకి పూసే ఆయిల్ మాత్రం కమ్మీకి అంటకుండా, కమ్మీలు కట్టకముందే పూయాలి.