గిటార్ మాస్టారిని ఇంటర్వ్యూ చేస్తున్నారా, ముందు వాయించమనండి

చెన్నైలో గిటార్ నేర్చుకుంటున్న మన తెలుగు పిల్లలు ఈమధ్య కొందరు అడుగుతున్నారు, మా మాస్టారిని ఇంటర్వ్యూ చేయాలి, పికింగ్ గురించి, అంటే పిక్ అనే చిన్న ముక్కతో తీగలు మీటడం గురించి, ఆయన ఈ లైన్‌లోకి ఎలా వచ్చారో, ఏం అడగాలి అని. నేను వడపళనిలో మా మాస్టారితో రెండుసార్లు కూర్చున్నాను. మొదటిసారి చేసింది దేనికీ పనికిరాలేదు, రెండోసారి చాలా బాగా వచ్చింది, కాబట్టి తేడా ఎక్కడుందో చెప్తాను.

మొదటిసారి నేరుగా "మాస్టారూ, మీ పికింగ్ టెక్నిక్ గురించి చెప్పండి" అని అడిగేశా. "అంతా మణికట్టులోనే ఉందమ్మా, చెయ్యి లూజ్‌గా వదిలేయాలి, తాళం కొట్టే మెట్రోనోమ్ పెట్టుకుని ప్రాక్టీస్ చేయాలి" అన్నారు, అంతే, అయిపోయింది. ఆయన దాచుకోలేదు. పప్పులో ఉప్పు ఎంత వేస్తావమ్మా అంటే మా అమ్మ "చూసి వేస్తా" అంటుంది కదా, ఇదీ అంతే, ఏళ్ళ తరబడి వాయించిన చేతికి తెలిసింది నోటికి రాదు.

అందుకే మాటలకంటే ముందు వాయించమనండి, ఫోన్‌ని స్టాండ్‌కి పెట్టి కుడిచేతికి ఒక జానెడు దూరంలో స్లోమోషన్‌లో తీయండి. మామూలు వీడియో ఎందుకు చాలదంటే, నిమిషానికి 120 బీట్ల స్పీడ్‌లో బీట్‌కి నాలుగు నోట్లు వాయిస్తే సెకనుకి 8 నోట్లు, సెకనుకి 30 ఫ్రేములుండే మామూలు వీడియోలో ఒక్కో నోటుకి నాలుగు ఫ్రేములు కూడా రావు, అంతా మసకే. 240 ఫ్రేముల్లో తీస్తే నోటుకి 30 ఫ్రేములొస్తాయి. పగలు కిటికీ దగ్గర తీయండి, ట్యూబ్‌లైట్ కింద తీస్తే వెలుగు మిణుకుమిణుకుమంటూ కనపడొచ్చు. మాటలు రికార్డ్ చేయడానికి రెండో ఫోన్ పెట్టండి, ఫ్యాన్ మాత్రం ఆపేయండి, చెన్నైలో కష్టమే కానీ తప్పదు, నా మొదటి రికార్డింగ్‌లో సగం మాటలు ఫ్యాన్ మోతలోనే పోయాయి.

రెండోసారి అలా తీసిన వీడియో ఆయనకే చూపించా. మణికట్టు అన్నారు కదా, చూస్తే ముంజేయి తాళంచెవి తిప్పినట్టు అటూ ఇటూ తిరుగుతోంది. ఆయన పాజ్ చేసి, కళ్ళజోడు పైకి నెట్టుకుని, మళ్ళీ వెనక్కి లాగి చూశారు. "నేనిలా చేస్తానా?" అన్నారు. ఇక అక్కణ్ణుంచి గంటసేపు ఆయనే మాట్లాడారు, నేను ఆపలేదు.

అప్పుడు అడగాల్సిన అసలు ప్రశ్న, తీగ మారేటప్పుడు పిక్ ఎలా బయటికొస్తోంది అని. ఆల్టర్నేట్ పికింగ్‌లో, అంటే కిందికి పైకి కిందికి పైకి అని, తీగకి రెండు నోట్లైతే ప్రతిసారీ పై మీటుతో, అంటే పైకి మీటడంతో ముగుస్తుంది, పిక్ కొంచెం వాలుగా పట్టుకుంటే ఆ పై మీటులోనే తీగల్లోంచి బయటపడిపోతుంది, ఇబ్బంది ఉండదు. మూడు నోట్లైతే ఒక తీగ కింది మీటుతో ముగుస్తుంది, తర్వాత తీగ పై మీటుతో ముగుస్తుంది, పిక్ ఒకసారి తీగల మధ్య ఇరుక్కుంటుంది. అక్కడ మీరేం చేస్తారు మాస్టారూ అని అడగండి. కొందరు చెయ్యి వాలు మారుస్తారు, కొందరు అదే ఊపులో పక్క తీగని కూడా కిందికే లాగేస్తారు, అది ఎకానమీ పికింగ్. వేగంగా వాయించే ప్రతివాళ్ళకీ ఇక్కడ ఏదో ఒక సొంత దారి ఉంటుంది.

ఆయన పాత పిక్‌లు కూడా టేబుల్ మీద పెట్టమనండి. 0.73 మిల్లీమీటర్ల మందం పిక్ దేనికి, 1.14 ది దేనికి అని అడగండి, అరిగిన అంచు కూడా చూడండి. మా మాస్టారి పిక్ ఒక పక్కనే ఏటవాలుగా అరిగిపోయి ఉంది, అంటే తీగకి పిక్‌ని బల్లపరుపుగా కాకుండా అంచుతో తగిలిస్తారన్నమాట. ప్లెక్ట్రమ్‌తో, అంటే పిక్‌తోనే, మన సంగీతం ఎంత దూరం వెళ్ళగలదో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు చూపించారు కదా, ఆయన ప్రస్తావన తెస్తే చెన్నైలో ఏ మాస్టారైనా కాసేపు ప్రేమగా మాట్లాడతారు. క్లాసికల్ గిటార్ మాస్టారైతే పిక్ ఉండదు, గోళ్ళ గురించి, మీటాక వేలు పక్క తీగ మీద ఆనుతుందా లేదా అన్నదాని గురించి అడగండి.

ఇక కెరీర్. "మీ ప్రయాణం చెప్పండి" అంటే సన్మాన సభలో చెప్పినట్టే చెప్తారు. చిన్నచిన్నవి అడగండి. మొదటి ఫీజు ఎవరిచ్చారు, సినిమా సంగీతకారుల యూనియన్ కార్డ్ ఎప్పుడొచ్చింది, కాల్‌షీట్‌కి, అంటే ఒక్కో రికార్డింగ్ సెషన్‌కి ఎంత, ఆర్కెస్ట్రా అంతా ఒక్కచోట కూర్చుని వాయించే రోజులు పోయి ఎవరింట్లో వాళ్ళు రికార్డ్ చేసి ఫైల్ పంపే రోజులొచ్చాక మీకేమైంది, పాఠాలు చెప్పడం ఇష్టంతో మొదలుపెట్టారా అవసరంతోనా. ఈ ఆఖరిది మెల్లగా, అన్నీ అయ్యాక అడగండి. ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ళ సంగీతం గ్రేడ్ పరీక్షలు ఎనిమిదీ అయిపోయినవాళ్ళు నిజంగా ఏ పనుల్లో ఉన్నారో కూడా అడగండి, తల్లిదండ్రులకి కావలసింది ఆ జవాబే.

డబ్బు లెక్కలు, పాత బ్యాండ్‌వాళ్ళ పేర్లు రాసేముందు ఫోన్ చేసి ఆ ముక్కలు చదివి వినిపించండి, వద్దంటే తీసేయండి. ఆ స్లోమోషన్ వీడియో ఆయనకి పంపడం మర్చిపోకండి, మా మాస్టారు ఇప్పుడు కొత్త స్టూడెంట్స్‌కి మొదటి క్లాసులో అదే చూపిస్తున్నారు.