తుక్కు అల్యూమినియం ట్రక్కు మొరాయిస్తే

మా రొయ్యల చెరువులు మొగల్తూరుకు దిగువన, సముద్రపు గాలి నేరుగా తగిలే చోట ఉన్నాయి. మేత బస్తాలు, ఐసు, ఏరేటర్లు గట్టు మీద తిప్పడానికి వాడిన ఇనప ట్రక్కుకు నాలుగో వానాకాలంలో అడుగు రేకు ఊడి కింద పడింది. రెండోసారి ఇనుముతో చేయించడానికి మనసొప్పలేదు. మినీ ట్రాక్టరు వెనక తగిలించుకునే చిన్న ట్రక్కును నేనూ మా బావా పాత అల్యూమినియంతో చేశాం. తుక్కు బస్సు నుంచి ఊడదీసిన ఛానెళ్లు, చెకర్డ్ రేకు (కాలు జారకుండా గీతలు పొడిచిన రేకు), పాత ఇంటి కిటికీల సెక్షన్లు, మారుతీ 800 వెనక ఇరుసు, ఓమ్నీ కమాన్ కట్టలు. అన్నీ పాత ఇనుము కొట్టు సరుకే. (ఓమ్నీ ఇరుసు మాత్రం కొనకండి. ఆ బండికి ఇంజను వెనక చక్రాలను తిప్పుతుంది కాబట్టి ఇరుసు మధ్యలో డిఫరెన్షియల్ గుండు కూడా మీకు బరువే.)

మొదటి ఏడాది అది పెట్టని తిప్పలు లేవు. చాలావాటికి కారణం ఒక్కటే: చేతిలో ఉన్నది అల్యూమినియం, బుర్రలో ఉన్నది ఇనుము. ఏ జబ్బు ఎలా కనిపించిందో, దాని వెనక ఏముందో, ఏం చేస్తే కుదిరిందో రాస్తున్నాను.

వెల్డింగ్ పూస నల్లగా, గుల్లగా వస్తోంది

అల్యూమినియానికి గాలి తగిలిన వెంటనే కంటికి కనపడని ఆక్సైడు పొర కడుతుంది. లోహం 660 డిగ్రీలకే కరుగుతుంది, ఆ పొర మాత్రం 2,000 డిగ్రీలు దాటితే గానీ కరగదు. లోపల లోహం నీళ్లయిపోతున్నా పైపొర సంచిలా పట్టి ఉంచుతుంది. రంగు కిటికీ సెక్షన్లకు ఫ్యాక్టరీలోనే ఈ పొరను మందంగా ఎక్కించి ఉంటారు, లేదా పౌడర్ కోటింగ్ ఉంటుంది. ఇక గుల్లలకు కారణం తేమ, నూనె, పాత పెయింటు. వాటిలోని హైడ్రోజన్ కరిగిన లోహంలో చేరి, చల్లారేటప్పుడు బుడగలుగా మిగిలిపోతుంది.

ముందు అసిటోన్‌తో జిడ్డు తుడవాలి. ఆ తర్వాతే మెరుపు వచ్చేదాకా గ్రైండరు పట్టి, స్టెయిన్‌లెస్ స్టీల్ బ్రష్షుతో రుద్దాలి. ఈ వరస తిరగేస్తే జిడ్డును లోహంలోకి రుద్దినట్టే. ఆ బ్రష్షు ఇనుమును ముట్టుకోకూడదు. పెయింటు ఉన్నదాని మీద నేరుగా వెల్డింగ్ చేస్తే పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు. టిగ్ మెషిను (టంగ్‌స్టన్ మొనతో ఆర్క్ పుట్టించి, రాడ్డును చేత్తో అందించేది) ఏసీలో ఉండాలి, మామూలు డీసీలో పొర పగలదు. మిగ్ (తీగ దానంతటదే వచ్చేది) అయితే సిలిండరులో పూర్తి ఆర్గాన్ ఉండాలి, ఇనుముకు వాడే కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాసు పనికిరాదు. వానాకాలంలో బయట పడి ఉన్న రేకును లోపలికి తెచ్చి, కాస్త వెచ్చచేసి, చెమ్మ పోయాక మొదలుపెట్టండి.

ఇక అతుకులో కరిగించి నింపే రాడ్డు సంగతి. ఇక్కడి నాలుగంకెల సంఖ్యలు అల్యూమినియం రకాల పేర్లు. కిటికీ సెక్షన్లు ఎక్కువగా 6063 రకం, వాటికి 4043 గానీ 5356 గానీ సరిపోతుంది. బస్సు రేకు 5000 తరగతిది కావచ్చు కాబట్టి, ఏదో తెలియనప్పుడు నేను 5356 వైపే మొగ్గుతాను. అసలు వెల్డింగుకు పనికొస్తుందా లేదా అని అనుమానం ఉంటే గీరిన చోట ఒక బొట్టు కాస్టిక్ సోడా నీళ్లు వేసి, కాసేపాగి కడిగి చూడండి. తెల్లగా ఉంటే నయం. నల్ల మరక పడితే రాగి ఎక్కువున్న గట్టి రకం అయ్యే అవకాశం ఎక్కువ. దాన్ని వెల్డింగ్ చేస్తే పగులుతుంది, రివెట్లకే వాడుకోండి. పోత సామానూ మరక పడుతుంది, దాన్నీ పక్కన పెట్టండి. కళ్లజోడు, చేతి తొడుగులు లేకుండా ఆ సోడా జోలికి పోవద్దు.

అతుకు బాగానే ఉంది, పక్కన అంగుళం దూరంలో పగిలింది

మమ్మల్ని ఎక్కువ ఏడిపించింది ఇదే. రెండో నెలలో ఐసు వేసుకుని వస్తుంటే డ్రాబారు (ట్రాక్టరు హుక్కుకు తగిలించే ముందు కమ్మీ) మొదట్లో పగులు కనపడింది. వెల్డింగ్ పూస చెక్కు చెదరలేదు. మేస్త్రీని తిడదామని వెళ్తే ఆయన నవ్వాడు. "ఇది ఇనుం కాదండి బాబూ. వేడి తగిలిన మేరా మెత్తబడిపోద్ది. అతుకెంత బాగుంటే ఏం లాభం అండి, పక్కన పస పోయాక?"

ఆయన మాట అక్షరాలా నిజం. 6061, 6063 లాంటి రకాలకు గట్టితనం ఫ్యాక్టరీలో వేడిచేసి చల్లార్చడం వల్ల వస్తుంది. వెల్డింగ్ వేడి దాన్ని చెరిపేస్తుంది. అతుకుకు రెండు వైపులా సుమారు అంగుళం మేర బలం దాదాపు సగానికి పడిపోతుంది. దీనికి తోడు అలసట. ఇనుము మీద ఒత్తిడి ఒక హద్దు లోపల ఉంటే ఎన్ని కుదుపులైనా తట్టుకుంటుంది. అల్యూమినియానికి ఆ హద్దు లేదు, ప్రతి గుంటనూ లెక్క రాసుకుంటుంది. మా గట్ల మీద ఆ లెక్క త్వరగా నిండుతుంది.

పగులు మీదే మళ్లీ పూస పోయకండి. మేం పోశాం, మూడు వారాలు ఆగింది. ముందు పగులు ఎక్కడ ఆగిందో చూడాలి. కిరోసిన్ రాసి, పది నిమిషాలాగి, పొడిగుడ్డతో తుడిచి, సుద్దపొడి చల్లండి. పగులులో దాగిన కిరోసిన్ సుద్దలోకి పాకి గీతలా కనిపిస్తుంది. ఆ గీత చివర 6 మిల్లీమీటర్ల బెజ్జం వేస్తే పగులు సాధారణంగా ముందుకు పోదు. ఆ పైన రెండు వైపులా మందపాటి పట్టీ వేసి బోల్టులతో బిగించండి. పట్టీ చివరలు నిటారుగా కోయకుండా ఏటవాలుగా కోయాలి. నిటారుగా కోస్తే కొత్త పగులు సరిగ్గా ఆ అంచు దగ్గరే పుడుతుంది. బోల్టు బెజ్జాలు ఛానెల్ నిలువు గోడలో వేయండి, అడుగు అంచులో వద్దు. అడుగు అంచుకు అడ్డంగా వెల్డింగ్ అసలే వద్దు, సాగదీత అంతా అక్కడే ఉంటుంది.

చివరికి మేం డ్రాబారును ఇనుముతోనే చేయించాం. కమాన్ కట్టల ముందు బ్రాకెట్ల దాకా పొడిగించి, అల్యూమినియం చట్రానికి బోల్టులతో పట్టించాం. పది కిలోల బరువు పెరిగిందని బావ గొణిగాడు. ట్రక్కు ఊడి కాలవలో పడటం కన్నా పది కిలోలు మోయడం నయం.

బరువు వేస్తే నడుము వంగుతోంది

పగులు లేదు, కానీ మధ్యలో కుంగుతోంది, తలుపు పట్టడం లేదు. పాత ఇనప ట్రక్కు కొలతలే అల్యూమినియంలో దించితే జరిగేది ఇదే. అల్యూమినియం బరువు ఇనుములో మూడో వంతు, బిగువు కూడా మూడో వంతే. అదే కొలతతో చేస్తే అదే బరువుకు మూడు రెట్లు వంగుతుంది.

ఛానెల్ ఎత్తు, వెడల్పు, మందం మూడింటినీ 1.32 రెట్లు చేస్తే ఇనుముతో సమానంగా నిలబడుతుంది. అప్పుడు బరువు ఇనుములో 60 శాతం. అంటే దక్కే లాభం 40 శాతమే, అందరూ చెప్పే మూడింట రెండు వంతులు కాదు. చేసేసిన ట్రక్కు అయితే ఎత్తు పెంచడమే దారి: ఛానెల్ కింద ఇంకో ఛానెల్ పెట్టి నిలువు గోడలను పట్టీలతో కలిపి రివెట్లు కొట్టండి. పక్క రేకులను కూడా చట్రానికి దగ్గర దగ్గరగా రివెట్ చేస్తే అవీ బరువు మోస్తాయి. కిటికీ సెక్షన్లను చట్రానికి వాడొద్దు, అవి పక్క కమ్మీలకే.

బోల్టుల చుట్టూ తెల్ల పొడి, పెయింటు ఉబ్బుతోంది

ఉప్పు నీటిలో ఇనుమూ అల్యూమినియమూ తాకితే అది చిన్న బ్యాటరీ. అందులో కరిగిపోయేది అల్యూమినియమే. ఉప్పు గాలి, చెరువు నీళ్లు, రాత్రి మంచు ఉన్న చోట ఆ బ్యాటరీకి సెలవు ఉండదు.

రెండు లోహాల మధ్య ఏదో ఒకటి అడ్డం పెట్టాలి. మొదట పాత ట్యూబు రబ్బరు పెట్టాం, నలిగిపోయి బోల్టులు వదులయ్యాయి. తర్వాత నీలం ప్లాస్టిక్ డ్రమ్ము కోసి ముక్కలు వేశాం, అది నిలిచింది. అదీ కొంచెం అణుగుతుంది కాబట్టి వారం తర్వాత, నెల తర్వాత బోల్టులు మళ్లీ బిగించాలి. బోల్టులు స్టెయిన్‌లెస్, వీలైతే ఉప్పును బాగా తట్టుకునే 316 రకం, నైలాన్ వాషర్లతో. స్టెయిన్‌లెస్ కూడా వేరే లోహమే గానీ, పెద్ద అల్యూమినియం మీద చిన్న బోల్టు చేసే హాని తక్కువ. పెయింటు వేస్తే ఇనప భాగానికి తప్పకుండా వేయండి. అల్యూమినియానికి మాత్రమే వేసి ఇనుమును వదిలేస్తే, పెయింటు గీరుకున్న ఒక్క చోటే దాడి అంతా జరిగి బెజ్జం పడుతుంది.

అడుగు రేకు మీద గుంటలు

ఇనుము ఎక్కడా తాకకపోయినా రేకు మచ్చలు పడి గుంటలు దిగాయంటే మీరు మోస్తున్న సరుకును అనుమానించండి. చెరువుల్లో చల్లే సున్నం తడిస్తే అల్యూమినియాన్ని తినేస్తుంది. ఆమ్లానికి ఎంత భయపడాలో క్షారానికీ అంతే. మైలుతుత్తం ఇంకా పాపిష్టిది: తడి చుక్క పడితే దానిలోని రాగి రేకు మీద పేరుకుని, పైన చెప్పిన బ్యాటరీని అక్కడికక్కడే తయారుచేస్తుంది. బ్లీచింగ్ పౌడరూ ఆ కోవదే.

ఇవి వేసే రోజున కింద పరదా పరచండి, దిగాక పంట కాలవ మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. చెరువు నీళ్లతో కడిగితే కడగనట్టే. తడి గోనెసంచులు రేకు మీద రోజుల తరబడి వదిలేయొద్దు. కడిగిన నీళ్లు పోవడానికి మూలల్లో బెజ్జాలు ఉన్నాయా, వాటిలో బురద నిండిందా చూసుకోండి.

వెనక తోక ఊపుతోంది

ఎద్దుబండి తోలినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు: వెనక బరువెక్కితే నొగలు పైకి లేస్తాయి. ట్రక్కు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద పడాలి. ట్రక్కూ సరుకూ కలిపి 500 కిలోలైతే డ్రాబారు మొన దగ్గర 50 నుంచి 75 కిలోలు. సరుకు వేసి, ట్రక్కు సమతలంగా ఉన్నప్పుడు, రొయ్యలు తూచే కాటా మీద ఆ మొనను దించితే ఇట్టే తెలుస్తుంది. తక్కువ వస్తే బరువు ముందుకు జరపండి. ఎప్పుడూ తక్కువే వస్తుంటే ఇరుసే కొంచెం వెనక్కి జరగాలి. ఏరేటరు లాంటిది ఒక్కటే వేసినప్పుడు దాన్ని ఇరుసుకు కాస్త ముందుగా కట్టండి.

టైరు ఒక పక్కే అరుగుతోంది

ఇరుసు వంకరగా కూర్చుంది. హుక్కు మధ్య నుంచి ఇరుసు రెండు చివరలకు టేపు పట్టండి. రెండూ సమానంగా రావాలి. తేడా ఉంటే యూ బోల్టులు వదులు చేసి జరపండి. చట్రం మూలమట్టమూ కర్ణాలు కొలిచి చూడాలి. కొలతలన్నీ సరిగా ఉండి కూడా అరుగుతుంటే ఇరుసే వంగి ఉంటుంది, కొట్టుకు తిప్పి ఇచ్చేయండి.

హబ్బు (చక్రం నడిమి భాగం) చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది

బేరింగులో నీళ్లు. పని మీద వేడెక్కిన హబ్బును చెరువు అంచున నీళ్లలోకి దించితే లోపలి గాలి చల్లబడి ముడుచుకుని ఉప్పు నీళ్లను పీల్చుకుంటుంది. దించే ముందు చల్లారనివ్వండి. గ్రీజు తీసి చూడండి, పాలలా తెల్లబడి ఉంటే బేరింగూ సీలూ రెండూ మార్చండి. టేపర్ బేరింగు అయితే చక్రం తిప్పుతూ నట్టు బిగించి, కాస్త వెనక్కి వదిలి, పిన్ను కొత్తది వేయండి.

లైట్లు ఒకటి వేస్తే ఇంకోటి వెలుగుతోంది

ఎర్తు సరిగా లేదు. చట్రాన్నే ఎర్తుగా వాడుకుంటే, అతుకుల దగ్గర ఆక్సైడు పొర, ప్లాస్టిక్ ముక్కలు కరెంటును ఆపేస్తాయి. ప్రతి లైటు నుంచి విడిగా ఎర్తు వైరు ట్రాక్టరు దాకా లాగండి. తెల్లవారుజామున పట్టుబడికి వెళ్లేటప్పుడు వెనక ఎర్ర లైటు వెలగకపోతే గట్టు మీద వెనకొచ్చే బండికి మీరు కనపడరు.

గట్టు దిగి రోడ్డెక్కించే ఉద్దేశం ఉంటే లైట్లతోనే సరిపోదు. మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం ట్రైలరుకూ రిజిస్ట్రేషన్ కావాలి. కాబట్టి మొదటి ఛానెల్ కోయకముందే ఆర్టీఏ ఆఫీసులో కనుక్కోండి. మాది చెరువుకూ ఐసు షెడ్డుకూ మధ్యే తిరుగుతుంది.