యూకే వీసా వచ్చింది సరే, టికెట్ తీసేముందు ఇవి చూసుకోండి

రెండేళ్ల కిందటి సెప్టెంబర్. ఇక్కడ యూకేలో రాత్రి ఎనిమిదిన్నర, శంషాబాద్‌లో ఒంటిగంట. మా పిన్ని కొడుకు ఎయిర్‌పోర్ట్ నుంచి ఫోన్ చేశాడు. మాస్టర్స్ కోసం మాంచెస్టర్ బయల్దేరాడు వాడు. "అన్నా, బోర్డింగ్ పాస్ ఇవ్వట్లేదు. జర్మనీ వీసా ఏదని అడుగుతున్నారు. నేను జర్మనీలో దిగట్లేదు కదా, ఫ్లైట్ మారడమే కదా!" వెనక నుంచి బాబాయి ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు. యూకే వీసా చేతిలోనే ఉంది. టికెట్ మాత్రం ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా తీశారు. అక్కడ ఆగే రెండు గంటలకి ట్రాన్సిట్ వీసా కావాలి. ఆ రాత్రి వాడు విమానం ఎక్కలేదు. మూడో రోజు దోహా మీదుగా వెళ్లాడు. మొదటి టికెట్ డబ్బులు గోవిందా.

వాడికి ఆ రూట్ చెప్పిన సీనియర్ అబద్ధం చెప్పలేదు. అతను 2019లో అలాగే వెళ్లాడు, ఎవరూ ఏమీ అడగలేదు. ఈ మధ్యలో వచ్చిపడింది బ్రెగ్జిట్.

2016 జూన్ 23న ఓటింగ్ జరిగింది. 51.9 శాతం మంది యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి పోదామన్నారు. 2020 జనవరి 31న బ్రిటన్ బయటికొచ్చింది, పాత రూల్స్ ఆ ఏడాది డిసెంబర్ 31 దాకా నడిచాయి. అప్పటిదాకా బ్రిటన్ వీసా అంటే ఈయూ దేశం వీసాయే కాబట్టి, జర్మనీ లాంటి చోట్ల ఫ్లైట్ మారే ఇండియన్లకి ట్రాన్సిట్ వీసా అక్కర్లేదు. 2021 జనవరి నుంచి ఆ సౌకర్యం పోయింది. మన మీద కోపంతో ఎవరూ తీసేయలేదు. గోడకున్న మేకు పీకితే దానికి తగిలించిన క్యాలెండర్ కింద పడదూ, అలా పడిందంతే.

జర్మనీ మళ్లీ 2026 జనవరిలో ఇండియన్ పాస్‌పోర్ట్‌లకి ట్రాన్సిట్ వీసా ఎత్తేస్తామని ప్రకటించింది. ప్రకటన వేరు, కౌంటర్‌లో కూర్చున్న వ్యక్తి కంప్యూటర్‌లో కనిపించేది వేరు. యూరప్ మీదుగా టికెట్ తీసే ఆలోచన ఉంటే, తీసే రోజునే ఆ దేశపు కాన్సులేట్ సైట్ చూడండి. ఏజెంట్ నోటి మాట మీద తీయొద్దు. రెండు వేర్వేరు టికెట్లు కొని, మధ్యలో సామాను తీసుకుని మళ్లీ చెకిన్ చేసే పద్ధతి అయితే అసలు వద్దు. దానికి ట్రాన్సిట్ వీసా కాదు, పూర్తి షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా) కావాలి. దుబాయ్, దోహా మీదుగానో, నేరుగా లండన్‌కో వెళ్తే నాలుగు వేలు ఎక్కువైనా ఈ టెన్షన్ ఉండదు.

మనకి తలుపు ఎందుకు తెరుచుకుంది

చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. బ్రెగ్జిట్‌కి ముందు ఫ్రాన్స్, పోలండ్ పిల్లలు ఇంగ్లండ్‌లో లోకల్ ఫీజే కట్టేవాళ్లు, డిగ్రీకి ఏడాదికి 9,250 పౌండ్లు. స్కాట్లండ్‌లో డిగ్రీకి అదీ లేదు. 2021లో కొత్తగా చేరినవాళ్ల నుంచి వాళ్లకీ ఇంటర్నేషనల్ ఫీజే. ఐరిష్ వాళ్లకి తప్ప. కొత్తగా చేరే ఈయూ విద్యార్థులు ఒక్క ఏడాదిలో సగానికి పైగా తగ్గిపోయారు. సరిగ్గా అదే ఏడాది జూలైలో, 2012లో తీసేసిన పోస్ట్ స్టడీ వర్క్‌ని (చదువయ్యాక అక్కడే ఉండి పని చేసుకునే వీసా) గ్రాడ్యుయేట్ రూట్ పేరుతో మళ్లీ తెచ్చారు. 2030కల్లా 6 లక్షల మంది విదేశీ విద్యార్థులు కావాలని 2019లో పెట్టుకున్న లక్ష్యాన్ని దాదాపు పదేళ్లు ముందే దాటేశారు. 2022లో స్టూడెంట్ వీసాల్లో చైనాని దాటి ఇండియన్లే మొదటి స్థానంలోకి వచ్చారు. అమీర్‌పేటలో, దిల్‌సుఖ్‌నగర్‌లో యూకే బోర్డులు ఎందుకు పెరిగాయో ఇప్పుడు అర్థమవుతుంది కదా.

అవసరం కొద్దీ తెరిచిన తలుపు, అవసరం తీరాక ఓరగా వేస్తారు. వేస్తున్నారు కూడా. 2024 జనవరి నుంచి మాస్టర్స్‌కి వచ్చేవాళ్లు భార్యనో భర్తనో వెంట తెచ్చుకోవడం కుదరదు, రీసెర్చ్ డిగ్రీలకే ఆ వెసులుబాటు. 2027 జనవరి 1 నుంచి గ్రాడ్యుయేట్ రూట్‌కి అప్లై చేసే డిగ్రీ, మాస్టర్స్ వాళ్లకి రెండేళ్లు కాదు, 18 నెలలే. పీహెచ్‌డీ వాళ్లకి మూడేళ్లు అలాగే ఉంది. 2026 సెప్టెంబర్‌లో మాస్టర్స్‌లో చేరేవాళ్లందరూ 18 నెలల లెక్కలోకే వస్తారు. లోన్ ఈఎంఐ లెక్క రెండేళ్ల మీద వేసుకుని ఉంటే మళ్లీ వేసుకోండి. మామూలు స్కిల్డ్ వర్కర్ వీసాకి 2025 జూలై నుంచి జీతం 41,700 పౌండ్లు ఉండాలి. చదువు అయిపోయి కొత్తగా చేరేవాళ్లకి 33,400. అదీ స్పాన్సర్‌షిప్ ఇచ్చే కంపెనీ దొరికితేనే. రెండేళ్లు ఉన్నప్పుడే మొదటి ఆరు నెలలు "ఏదో ఒకటి చేద్దాంలే" అనుకుంటూ గడిపేసినవాళ్లని చాలామందిని చూశాను.

బ్యాంకులో చూపించాల్సిన డబ్బు సంగతి కూడా చెప్పాలి. లండన్‌లో అయితే నెలకి 1,529, బయట 1,171 పౌండ్లు చొప్పున తొమ్మిది నెలలది, మిగిలిన ఫీజుతో పాటు, వరసగా 28 రోజులు అకౌంట్‌లో కదలకుండా ఉండాలి. ఇరవై ఏడో రోజున మేనమామ "రెండు రోజులకి సర్దురా" అన్నా సర్దొద్దు. అక్కడి ప్రభుత్వ వైద్యానికి కట్టే హెల్త్ సర్‌చార్జ్ ఏడాదికి 776 పౌండ్లు కాబట్టి ఏడాది కోర్సుకి అంతే అనుకోకండి. కోర్సు అయ్యాక ఇంకో నాలుగు నెలలు వీసా ఇస్తారు, దానికీ కలిపి 1,164 కట్టాలి.

బస్సు ఎక్కితే ఇంకో దేశం

బ్రెగ్జిట్ గొడవంతా ఐర్లండ్ దగ్గరే ముడిపడింది. ఉత్తర ఐర్లండ్ బ్రిటన్‌లో భాగం, దక్షిణాన ఉన్నది వేరే దేశం, అది ఈయూలోనే ఉంది. మధ్యలో దాదాపు 500 కిలోమీటర్ల సరిహద్దు. 1998 శాంతి ఒప్పందం తర్వాత అక్కడ మళ్లీ చెక్‌పోస్టులు పెట్టడానికి ఎవరికీ ధైర్యం లేదు. అందుకే సరుకుల తనిఖీని సముద్రం వైపు, రేవుల్లోకి నెట్టారు. రోడ్డు మాత్రం ఖాళీగానే ఉంది.

ఆ ఖాళీ రోడ్డే మనవాళ్లకి ఉచ్చు. బెల్‌ఫాస్ట్‌లో చదివే పిల్లలకి డబ్లిన్ అంటే బస్సులో రెండు గంటల ప్రయాణం. గేటు లేదు, బోర్డు లేదు. రోడ్డు పక్కన స్పీడ్ గుర్తులు మైళ్ల నుంచి కిలోమీటర్లలోకి మారితే దేశం మారిందన్నమాట. పోయిన నవంబర్‌లో నేను ఎక్కిన బస్సుని డండాక్ దగ్గర ఆపారు. ఐరిష్ పోలీసు ఒకతను ఎక్కి సీటు సీటుకీ వస్తున్నాడు. నా దగ్గర ఐర్లండ్ వీసా ఉంది. నా ముందు సీట్లో కూర్చున్న అమ్మాయి ఫోన్‌లో యూకే ఈ-వీసా చూపించింది. అతను చాలా మర్యాదగానే, బ్యాగ్ తీసుకుని దిగమన్నాడు. ఫ్రెండ్ పుట్టినరోజట, ఒళ్లో కేక్ డబ్బా. ఆ డబ్బాతోనే దిగింది పాపం.

సరిహద్దులో చెకింగ్ లేకపోవడం అంటే వీసా అక్కర్లేదని కాదు. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు స్టూడెంట్ వీసాతో బెల్‌ఫాస్ట్ నుంచి డబ్లిన్ వెళ్లాలంటే ఐర్లండ్ వీసా విడిగా తీసుకోవాలి. డబ్లిన్‌లో చదివేవాళ్లు బెల్‌ఫాస్ట్ చూడాలన్నా అంతే. డబ్లిన్ ఎయిర్‌పోర్ట్ నుంచి టికెట్ చవగ్గా ఉందని బెల్‌ఫాస్ట్ నుంచి బుక్ చేసేముందు ఇది గుర్తుంచుకోండి.

కన్సల్టెన్సీల్లో ఇంకో మాట వినిపిస్తుంది: "ఐర్లండ్ తీసుకోండి సార్, ఈయూ కదా, యూరప్ మొత్తం తిరగొచ్చు." ఐర్లండ్ ఈయూలో ఉంది కానీ షెంగెన్‌లో లేదు. అక్కడి రెసిడెన్స్ కార్డు చూపించి పారిస్ వెళ్లలేరు. నిజానికి బ్రిటన్ కూడా ఎప్పుడూ షెంగెన్‌లో లేదు. "బ్రెగ్జిట్ వల్ల మనం పారిస్ చూడలేకపోతున్నాం" అనేవాళ్లకి చెప్పండి, మనకి అప్పుడూ వీసా కావాల్సిందే.

యూకే నుంచి షెంగెన్ వీసాకి ఫీజు 90 యూరోలు, 30 వేల యూరోల కవర్ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ కావాలి, తిరిగొచ్చాక కూడా యూకే వీసాకి మూడు నెలలు గడువు మిగిలి ఉండాలి. కోర్సు చివర్లో చూద్దాంలే అనుకుంటే ఈ మూడు నెలల దగ్గరే దెబ్బ తింటారు. వేసవిలో స్లాట్లు దొరకవు. ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయనిస్తారు కాబట్టి డిసెంబర్ ట్రిప్‌కి జూలైలో మొదలుపెట్టినా తొందరేం కాదు. యూరోస్టార్ రైలుకి ఫ్రెంచ్ పోలీసుల చెకింగ్ లండన్ సెయింట్ పాంక్రస్ స్టేషన్‌లోనే అయిపోతుంది, రైలు టైముకి పరిగెత్తుకుంటూ వెళ్తే కుదరదు.

బ్రిటిష్ పౌరసత్వం వచ్చిన తెలుగు కుటుంబాలకి బ్రెగ్జిట్ దెబ్బ నిజంగా తగిలింది ఇక్కడే. ఇప్పుడు షెంగెన్ దేశాల్లో 180 రోజుల్లో 90 రోజులే ఉండనిస్తారు. పాస్‌పోర్ట్ ఇచ్చి పదేళ్లు దాటి ఉండకూడదు, తిరిగొచ్చే రోజుకి ఇంకా మూడు నెలలు చెల్లాలి. 2025 అక్టోబర్ 12 నుంచి ఈఈఎస్ అని వేలిముద్రలు, ఫొటో తీసుకునే పద్ధతి మొదలైంది. భర్తది బ్రిటిష్ పాస్‌పోర్ట్, భార్యది ఇండియన్ అయితే ఇంకో నష్టం. ఒకప్పుడు ఈయూ పౌరుడి భార్య హోదాలో ఆమెకి ఫ్రాన్స్ వీసా ఉచితంగా ఇచ్చేవాళ్లు. ఇప్పుడు అందరితో పాటు ఫీజు, అందరితో పాటు క్యూ.

పీహెచ్‌డీ వాళ్లు

2021 నుంచి 2023 చివరి దాకా బ్రిటన్ యూరప్ రీసెర్చ్ నిధుల కార్యక్రమం హొరైజన్ యూరప్‌లో లేదు. యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ గ్రాంట్ గెలిచిన ప్రొఫెసర్లని, ఈయూలోని ఏదైనా సంస్థకి మారితేనే ఆ డబ్బు ఇస్తామన్నారు. కొందరు ల్యాబ్ సర్దుకుని వెళ్లిపోయారు. మిగిలినవాళ్లకి బ్రిటన్ ప్రభుత్వమే డబ్బిచ్చి సర్దింది. 2024 జనవరి 1 నుంచి మళ్లీ చేరారు. డబ్బు తిరిగొచ్చింది కానీ మధ్యలో పోయిన మూడేళ్లు రాలేదు. ఎరాస్మస్ ప్లస్‌లోకి కూడా 2027లో తిరిగి వస్తామని ఒప్పుకున్నారు. ప్రొఫెసర్‌తో మాట్లాడేటప్పుడు మొహమాటం లేకుండా అడగండి: ప్రాజెక్ట్ డబ్బు ఎవరిది, ఏ నెలతో అయిపోతుంది, మీరు వేరే చోటికి మారితే నా సంగతేంటి. ఈ ప్రశ్నలకి మంచి గైడ్ ఎవరూ చిన్నబుచ్చుకోరు.

ఈయూ డబ్బుతో నడిచే మేరీ క్యూరీ ఫెలోషిప్ పోస్టులకి ఒక మెలిక ఉంది. చేరే ముందు మూడేళ్లలో, ఆ దేశంలో 12 నెలలకి మించి ఉండి ఉండకూడదు. అంటే లీడ్స్‌లో మాస్టర్స్ చేసి, గ్రాడ్యుయేట్ వీసా మీద ఇంకో ఏడాది ఉన్నవాళ్లకి యూకేలోని పోస్టుకి అర్హత పోతుంది. అదే పోస్టు జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో ఉంటే ఇబ్బంది లేదు. తెలియక యూకే పోస్టులకే వరసగా అప్లై చేసి, ఎందుకు రాలేదో అర్థంకాక కూర్చున్నవాళ్లు ఉన్నారు.

కొన్ని ఇంజనీరింగ్, సైన్స్ సబ్జెక్టులకి అటాస్ (ATAS) సర్టిఫికెట్, అంటే బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే సెక్యూరిటీ క్లియరెన్స్, కావాలి. ఈయూ వాళ్లకి అక్కర్లేదు, మనకి కావాలి. కనీసం 30 పనిదినాలు పడుతుంది. అది వచ్చాకే వీసా అప్లికేషన్. ఆఫర్ లెటర్‌లో ఆ మాట ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఇవాళే తీసి చూడండి.

సూట్‌కేసు

బ్రిటన్ బయటికొచ్చిన కొత్తలో, 2021 జనవరిలో, ఇంగ్లండ్ నుంచి ఓడ దిగిన డ్రైవర్ల శాండ్‌విచ్‌లని నెదర్లాండ్స్ రేవులో అధికారులు లాగేసుకోవడం టీవీలో చూపించారు. బ్రెడ్డయినా ఉంచుకోనివ్వమంటే అదీ ఇవ్వలేదు. మాంసం, పాల పదార్థాలు అక్కడికి తీసుకెళ్లకూడదు మరి. ఇండియా నుంచి యూకేకి కూడా ఇదే రూల్. అమ్మ ఎంత బతిమాలినా నాటుకోడి పచ్చడి, నెయ్యి, పాలకోవా పెట్టించుకోకండి. ఆవకాయ, గోంగూర, కారప్పొడులు మామూలుగా వెళ్తాయి. మూత చుట్టూ టేపు మాత్రం గట్టిగా వేయండి.

అమ్మానాన్నలు వచ్చేటప్పుడు

మొదట్లో చెప్పిన మా తమ్ముడి గ్రాడ్యుయేషన్‌కి పిన్ని, బాబాయి వస్తున్నారు. విజిటర్ వీసా వచ్చింది. దాని మీద బీఐవీఎస్ అని ఉంది. అలా ఉంటే ముందు యూకేలో దిగి, అక్కడి నుంచి వేరే వీసా లేకుండా ఐర్లండ్ కూడా వెళ్లిరావచ్చు. ఇండియన్, చైనీస్ పాస్‌పోర్ట్‌ల విజిటర్ వీసాలకే ఈ ఏర్పాటు. స్టూడెంట్ వీసాకి గానీ, ఇప్పుడు వాడి దగ్గరున్న గ్రాడ్యుయేట్ వీసాకి గానీ వర్తించదు. అంటే ఇంగ్లిష్ అంతంతమాత్రంగా వచ్చే బాబాయి డబ్లిన్ వెళ్లొచ్చు, రెండేళ్లుగా ఇక్కడ ఉంటున్న కొడుకు వెళ్లకూడదు. వాడికి సింగిల్ ఎంట్రీ వీసా 60 యూరోలు, అదీ టైముకి వస్తుందో రాదో. ఈ సంగతి చెప్తే పిన్ని ఒక్క క్షణం ఆలోచించి, "వాడు లేకుండా మేమెందుకురా, ఎడిన్‌బరాకి తీసుకెళ్లమను. దానికి వీసా అక్కర్లేదుగా?" అంది.

అక్కర్లేదు. ప్రస్తుతానికి.