మేనేజర్లను తగ్గిస్తారన్న పుకారు పుట్టినప్పుడు: ఇంధన కంపెనీలో మధ్యస్థాయి మేనేజర్ చేసుకోవలసిన సన్నాహం

పెద్ద చమురు, గ్యాస్ లేదా విద్యుత్ కంపెనీలో "ఈసారి మేనేజర్ల వంతట" అన్న మాట పుట్టిన రోజుకూ, హెచ్‌ఆర్ నుంచి పిలుపు వచ్చే రోజుకూ మధ్య చాలాసార్లు కొన్ని నెలలు దొరుకుతాయి. కాగితాలు, డబ్బు, టీమ్ బాధ్యతలు సర్దుకోవడానికి ఆ నెలలు సరిపోతాయి. పిలుపు వచ్చాక మాత్రం కంప్యూటర్ లాగిన్ అదే రోజు ఆగిపోవచ్చు. అందుకే పుకారు నిజమా కాదా తేలేదాకా ఆగకుండా, అది నిజమైనా కాకపోయినా పనికొచ్చే పనులు ముందు చేసుకోవాలి.

పుకారులో సరుకెంత

ముందు కంపెనీ బయటివాళ్లకు చెప్పిన మాటలు చదవండి. గత నాలుగు త్రైమాసికాల ఫలితాల ప్రకటనలు, ఇన్వెస్టర్లకు చూపిన స్లైడ్లు కంపెనీ వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. వాటిలో ఖర్చు తగ్గింపు లక్ష్యం ఒక మొత్తంతో, ఒక గడువుతో ఉందా చూడండి. ఉంటే పుకారుకు పునాది ఉన్నట్టే. అమెరికా చమురు కంపెనీ షెవ్రాన్ 2024 నవంబర్‌లో 2 నుంచి 3 బిలియన్ డాలర్ల ఖర్చు తగ్గింపు లక్ష్యం చెప్పింది. 2025 ఫిబ్రవరిలో, 2026 చివరికల్లా 15 నుంచి 20 శాతం సిబ్బందిని తగ్గిస్తామంది. బ్రిటన్ చమురు కంపెనీ బీపీ 2024 మేలో కనీసం 2 బిలియన్ డాలర్ల లక్ష్యం పెట్టుకుని, 2025 జనవరిలో 4,700 మంది ఉద్యోగులను, 3,000 మంది కాంట్రాక్టర్లను తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. రెండు చోట్లా ముందు డబ్బు లెక్క వచ్చింది, మనుషుల లెక్క దాని వెనకే వచ్చింది.

తర్వాత లోపలి సంకేతాలు. ఖాళీ అయిన పోస్టులను భర్తీ చేయకుండా మూసేయడం, కాంట్రాక్టర్ల ఒప్పందాలు పొడిగించకపోవడం, ఎవరు ఎవరికి రిపోర్ట్ చేస్తున్నారో హెచ్‌ఆర్ సిస్టమ్‌లో ఉన్నట్టుండి సరిచేయించడం, మీ కింద ఎంతమంది ఉన్నారు, వారంలో ఏ పనికి ఎన్ని గంటలు పోతున్నాయి అని కన్సల్టెంట్లు ఎక్సెల్ షీట్ పంపడం. వీటిలో ఒక్కటి కనిపిస్తే మామూలు పొదుపే కావచ్చు. మూడు ఒకే త్రైమాసికంలో కనిపిస్తే నిజమనుకునే పని మొదలుపెట్టండి. వాట్సాప్‌లో తిరిగే పేర్ల జాబితాలను మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు. అసలు జాబితా ఉన్నా చివరి వారం దాకా మారుతూనే ఉంటుంది.

ఎప్పుడు ప్రకటిస్తారన్నదానికీ కొంత తర్కం ఉంది. ఐఎఫ్ఆర్ఎస్ అనే అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాలు పాటించే కంపెనీ పునర్వ్యవస్థీకరణ ఖర్చును ఒక కాలం ఖాతాలో చూపాలంటే, బోర్డు నిర్ణయం ఒక్కటే సరిపోదు. వాటిలో ఒకటైన ఐఏఎస్ 37 ప్రకారం ఆ కాలం ముగిసేలోపే వివరమైన ప్రణాళిక ఉండాలి, అది అమలు మొదలై ఉండాలి లేదా ప్రధానాంశాలు దాని ప్రభావం పడేవాళ్లకు తెలిసి ఉండాలి. కాబట్టి త్రైమాసికం, ఆర్థిక సంవత్సరం ముగిసే ముందు వారాలను క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోండి.

మేనేజర్ల మీదే కన్ను ఎందుకు

ప్లాంట్‌లో షిఫ్ట్ ఆపరేటర్లను ఒక హద్దు దాటి తగ్గిస్తే యూనిట్ నడవదు. కంట్రోల్ రూమ్‌లో కనీసం ఇంతమంది ఉండాలన్న లెక్కలుంటాయి. అందుకే కత్తి మధ్య పొరల మీద పడుతుంది. దీన్ని కన్సల్టెంట్లు "స్పాన్స్ అండ్ లేయర్స్" అంటారు. ఒక మేనేజర్ కింద ఎంతమంది, సీఈఓ నుంచి చివరి ఉద్యోగి దాకా ఎన్ని మెట్లు అన్న రెండు అంకెలే దీనికి ఆధారం.

లెక్క వేసి చూడండి. కింది స్థాయిలో 1,000 మంది, ఒక్కో మేనేజర్ కింద ఐదుగురు ఉన్నారనుకుందాం. పైన 200 మంది, వాళ్లపైన 40, ఆపైన 8, ఆపైన 2, చివర ఒకరు. మొత్తం 251 మంది మేనేజర్లు, ఐదు పొరలు. ఒక్కొక్కరి కింద ఎనిమిది మంది ఉండాలని నిర్ణయిస్తే 125, 16, 2, 1. మొత్తం 144 మంది, నాలుగు పొరలు. కింది 1,000 మందిలో ఒక్కరినీ ముట్టుకోకుండా 107 మేనేజర్ పోస్టులు పోయాయి. పనిలో లోపమేమీ లేనివాళ్లు కూడా తొలగింపు జాబితాలో కనిపించడానికి కారణం ఇదే. ఈ లెక్క మనిషిని చూడదు, ఆర్గ్ చార్టులో గడిని చూస్తుంది.

అదే లెక్కను మీ గడికి వేసుకోండి. మీ కింద నేరుగా ఎంతమంది? నలుగురు లేదా అంతకంటే తక్కువైతే మీ పోస్టును పక్క పోస్టులో కలపడం తేలిక. మీ పైనున్న మేనేజర్‌కు, మీకు ఒకే నిర్ణయాధికారం ఉందా? కొనుగోలు ఆమోదం పరిమితి ఇద్దరికీ దాదాపు ఒకటే అయితే ఒక పొర అనవసరమన్న వాదన సిద్ధంగా ఉన్నట్టే. మీ పని మరో దేశంలోని సర్వీస్ సెంటర్ చేయగలదా? జవాబులు ఇబ్బందిగా ఉంటే, మేనేజర్ పదవి పట్టుకుని వేలాడకుండా, సీనియర్ టెక్నికల్ పోస్టుకు మారే దారి ఉందేమో ఇప్పుడే మీ బాస్‌ను అడగండి. ప్రకటన వచ్చాక అదే పోస్టుకు పది మంది వరసలో ఉంటారు.

చాలా కంపెనీల్లో కొత్త నిర్మాణాన్ని పైనుంచి కిందికి నింపుతారు. మొదటి పొర పేర్లు తేలాకే రెండో పొరకు దరఖాస్తులు. మీ పోస్టు పోయినా మీరు కొత్త పోస్టుకు పోటీ పడవచ్చు. ఆ ఇంటర్వ్యూకు పనికొచ్చేలా గత మూడేళ్ల పనిని ఒక పేజీలో రాసిపెట్టుకోండి: ఎన్ని రోజుల షట్‌డౌన్‌ను ఎన్ని రోజుల్లో ముగించారు, బడ్జెట్ ఎంత, ఖర్చెంత, ఏ ప్రమాద సూచిక ఎంత తగ్గింది. "టీమ్‌ను సమర్థంగా నడిపాను" లాంటి వాక్యం అక్కడ ఎవరికీ గుర్తుండదు.

భద్రత బాధ్యతల జాబితా

ఇంధన రంగంలో దీన్ని వదిలేయడం తప్పు. మేనేజర్ పోస్టు తీసేసినప్పుడు అతని పేరు మీదున్న భద్రత పనులు తమంతట తామే మరొకరికి చేరవు. 2005 మార్చి 23న అమెరికాలోని టెక్సస్ సిటీ రిఫైనరీ పేలుడులో 15 మంది చనిపోయారు, 180 మంది గాయపడ్డారు. మనుషుల్లో, విధానాల్లో, సంస్థ నిర్మాణంలో వచ్చిన మార్పులు ప్రాసెస్ సేఫ్టీ (పేలుళ్లు, మంటలు, లీకులు జరగకుండా చూసే భద్రత) మీద ఎలాంటి ప్రభావం చూపుతాయో అక్కడ సరిగా అంచనా వేయలేదని అమెరికా ప్రభుత్వ సంస్థ కెమికల్ సేఫ్టీ బోర్డు దర్యాప్తు తేల్చింది.

మీరు సంతకం పెట్టే పర్మిట్లు (ప్రమాదకరమైన పనులకు ఇచ్చే అనుమతులు), మీ ఆమోదం కోసం ఆగిన మేనేజ్‌మెంట్ ఆఫ్ చేంజ్ (మార్పు చేసే ముందు దాని ప్రమాదాన్ని సమీక్షించే పద్ధతి) ఫైళ్లు, తాత్కాలికంగా బైపాస్ చేసిన అలారాలు, ట్రిప్పులు (ప్రమాదం ఎదురైతే యంత్రాన్ని తనంతట ఆపేసే ఏర్పాట్లు), వాటి గడువులు, తేదీ దాటిన తనిఖీలు, అత్యవసర పరిస్థితిలో మీ పాత్ర, మీకు బదులు ఉండే వ్యక్తి: ఇవన్నీ ఒక షీట్‌లో రాయండి. ప్రతి వరుసకూ "నేను రేపు లేకపోతే ఎవరు" అన్న గడి పెట్టండి. ఆ గడి ఖాళీగా ఉన్నచోటే ప్రమాదం. షీట్‌ను మీ దగ్గర దాచకుండా బాస్‌కు, హెచ్‌ఎస్‌ఈ (ఆరోగ్యం, భద్రత, పర్యావరణం) విభాగానికి ఈమెయిల్ చేయండి, సంస్థ మార్పుకు కూడా మేనేజ్‌మెంట్ ఆఫ్ చేంజ్ సమీక్ష జరపమని అందులోనే అడగండి. సమాచారం దాచుకుంటే ఉద్యోగం నిలుస్తుందనుకునేవాళ్లున్నారు. ఆ గడి ఉండాలా వద్దా అని నిర్ణయించేవాళ్లకు మీ దగ్గరేముందో తెలియదు, కాబట్టి ఆ దాపరికం మిమ్మల్ని కాపాడదు. షిఫ్ట్‌లో ఉన్నవాళ్లను మాత్రం ప్రమాదంలో పడేస్తుంది.

కాగితాలు, డబ్బు

లాగిన్ పోకముందే మీ సొంత కాగితాలు దించుకోండి: అపాయింట్‌మెంట్ లెటర్, జీతం పెంపు ఉత్తరాలు, గత 24 నెలల పే స్లిప్పులు, బోనస్ ఉత్తరాలు, షేర్ల గ్రాంట్ పత్రాలు, పెన్షన్ స్టేట్‌మెంట్, వార్షిక అప్రైజల్స్, శిక్షణ సర్టిఫికెట్లు. వీటిలో ఏది బయటికి తీసుకెళ్లవచ్చో కంపెనీ పాలసీలో చూసుకోండి. సైస్మిక్ డేటా (భూగర్భ సర్వే వివరాలు), రిజర్వాయర్ మోడళ్లు (చమురు, గ్యాస్ నిల్వల నమూనాలు), కాంట్రాక్టుల ధరలు, వెండర్ జాబితాలు సొంత మెయిల్‌కు పంపడం మాత్రం ఎప్పుడూ చేయకండి. ఫైళ్ల కదలికను ఐటీ విభాగం సరిగ్గా ఇలాంటి నెలల్లోనే గట్టిగా గమనిస్తుంది. ఆ ఒక్క ఈమెయిల్‌తో తొలగింపు కాస్తా క్రమశిక్షణ చర్యగా మారి, ప్యాకేజీ (వెళ్లేటప్పుడు ఇచ్చే పరిహారం) మొత్తం పోవచ్చు.

నెలకు తప్పనిసరి ఖర్చెంతో రాసి, వెంటనే చేతికందే డబ్బును దానితో భాగించండి. రావలసిన బోనస్‌ను, ఇంకా వెస్ట్ కాని (పూర్తిగా మీ సొంతం కాని) షేర్లను ఇందులో కలపొద్దు. ఆరు కంటే తక్కువ వస్తే కొత్త అప్పు, పెద్ద కొనుగోలు ఆపండి. వీలైతే తొమ్మిది నుంచి పన్నెండు నెలలు లక్ష్యంగా పెట్టుకోండి. చమురు ధర పడినప్పుడు కంపెనీలన్నీ ఒకేసారి మనుషులను తగ్గిస్తాయి కాబట్టి ఈ రంగంలో మేనేజర్ ఉద్యోగం దొరకడం ఆలస్యమవుతుంది.

పొదుపంతా సొంత కంపెనీ షేర్లలోనే ఉంటే జీతం, ఆస్తి ఒకే రోజు దెబ్బతింటాయి. 2001 డిసెంబర్‌లో అమెరికా ఇంధన కంపెనీ ఎన్రాన్ దివాలా తీసినప్పుడు దాని ఉద్యోగులకు జరిగింది అదే. వాళ్ల రిటైర్మెంట్ నిధిలో సగానికి పైగా ఆ కంపెనీ షేర్లే ఉండేవి. అయితే తొలగింపుల గురించి బయటికి రాని ఖచ్చితమైన సమాచారం మీ చేతిలో ఉంటే, దాని ఆధారంగా షేర్లు అమ్మడం ఇన్‌సైడర్ ట్రేడింగ్ కావచ్చు. కంప్లయన్స్ విభాగాన్ని అడిగి, అనుమతించిన రోజుల్లోనే అమ్మండి.

టీమ్ అడిగితే

మీకు తెలిసినా తెలియకపోయినా మీ కింది వాళ్లు మిమ్మల్నే అడుగుతారు. "మీకేం కాదు, నేను చూసుకుంటాను" అనకండి. నిలబెట్టుకోలేని మాట అది, తర్వాత ఎవరైనా కోర్టుకెళ్తే మీ మీదికే రావచ్చు. "నిర్ణయం గురించి నాకు చెప్పింది ఏమీ లేదు. చెప్పదగినది తెలిసిన రోజు మీకు చెప్తాను. మీరు మాత్రం మీ కాగితాలు, రెజ్యూమే సిద్ధం చేసుకోండి" అనవచ్చు. నిజంగానే గోప్యంగా ఏదైనా తెలిసి ఉంటే "తెలియదు" అని అబద్ధమాడకుండా, "దీని మీద నేను మాట్లాడలేను" అనండి. భయంతో చేసే పనిలో పొరపాట్లు పెరుగుతాయి. అందుకని ఈ నెలల్లో పర్మిట్ తనిఖీలు, షిఫ్ట్ హ్యాండోవర్లు మీరే స్వయంగా వెళ్లి చూడండి.

సంతకానికి ముందు

కోపంతో ముందే రాజీనామా చేయకండి. రాజీనామా చేసినవాళ్లకు సాధారణంగా తొలగింపు ప్యాకేజీ రాదు. స్వచ్ఛందంగా వెళ్లే పథకం ప్రకటిస్తే, అందులో వచ్చే మొత్తాన్ని తొలగింపులో వచ్చేదానితో పక్కపక్కన పెట్టి చూడండి. దరఖాస్తు పెట్టినా కంపెనీ తిరస్కరించవచ్చా, వెనక్కి తీసుకోవచ్చా అన్నవి రాతపూర్వకంగా అడగండి.

చట్టం దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో తొలగింపుల ముందస్తు నోటీసుకు సంబంధించిన వార్న్ చట్టం కిందకు వచ్చే పెద్ద తొలగింపులకు 60 రోజుల నోటీసు ఉండాలి. 40 ఏళ్లు నిండినవారిని సామూహికంగా తొలగిస్తూ వయసు వివక్ష దావా హక్కు వదులుకోమని అడిగితే, ఆలోచించుకోవడానికి 45 రోజులు, సంతకం వెనక్కి తీసుకోవడానికి 7 రోజులు ఇవ్వాలి. హెచ్-1బీ వీసా మీదున్నవారికి ఉద్యోగం ముగిశాక గరిష్ఠంగా 60 రోజుల వ్యవధి ఉంటుంది. భారత్‌లో ప్రధానంగా మేనేజర్ హోదాలో పనిచేసేవారికి కార్మికులకుండే రిట్రెంచ్‌మెంట్ (ఉద్యోగుల తగ్గింపు) రక్షణ వర్తించదు. అక్కడ అపాయింట్‌మెంట్ లెటర్‌లోని నోటీసు షరతే ప్రధాన ఆధారం, గ్రాట్యుటీ హక్కు మాత్రం మేనేజర్లకూ ఉంటుంది.

కాగితం చేతికిచ్చిన రోజే సంతకం పెట్టొద్దు. కార్మిక చట్టం తెలిసిన లాయర్‌కు చూపించి, పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు, ఆరోగ్య బీమా ఆగే తేదీ, వాడని సెలవుల డబ్బు, వెనక్కి కట్టాల్సిన చదువు లేదా బదిలీ ఖర్చులు చూడండి. ప్యాకేజీ మొత్తం పెంచడానికి హెచ్‌ఆర్‌కు అధికారం తక్కువ. చివరి పనిదినం కొన్ని రోజులు జరపడం మాత్రం చాలాసార్లు వాళ్ల చేతిలో పనే. షేర్లు వెస్ట్ అయ్యే తేదీ, బోనస్ అర్హత తేదీ, పెన్షన్‌కు ఒక సర్వీసు ఏడాది నిండే తేదీ ముందే తెలిసి ఉంటే, పది రోజుల పొడిగింపు అడిగి పెద్ద మొత్తమే దక్కించుకోవచ్చు. కంపెనీ ఫోన్ తిరిగిచ్చే ముందు బ్యాంకు, పెన్షన్, షేర్ల ఖాతాల ఓటీపీ నంబర్‌ను మీ సొంత నంబర్‌కు మార్చి, ఒకసారి లాగిన్ అయి చూసుకోండి.