ఏడాది నిండిన బిడ్డకు డబ్బా పాలు మాన్పించి మామూలు పాలు అలవాటు చేయడం ఎలా?

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో నేను నడిపే బేబీ కేర్‌కి వచ్చే పిల్లల్లో ఏడాదిన్నర దాటినవాళ్ల సంచుల్లో కూడా పాలపొడి డబ్బాలు ఉంటాయి. అడిగితే, "ఐరన్ ఉంటుంది కదా మేడం, మామూలు పాలలో ఏముంటుంది?" అంటారు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు ఏడాది నిండాక ఆ డబ్బాతో పని లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే చెబుతోంది: పన్నెండు నెలలు దాటిన పిల్లలకు పశువుల పాలు ఇవ్వొచ్చు, వాళ్ల కోసమని అమ్మే ఫార్ములా, అంటే డబ్బా పాలపొడి, అనవసరం. బిడ్డ ఇంకా తల్లిపాలు తాగుతుంటే రెండేళ్ల వరకు, ఆ తర్వాత కూడా హాయిగా తాగనివ్వండి. అలాంటి ఇంట్లోకి డబ్బా ఎందుకు వస్తుందో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ముందు చూసుకోవాల్సినవి

బిడ్డకు పన్నెండు నెలలు నిండాలి. పదకొండో నెలలో "ఎలాగూ వచ్చేసింది కదా" అని మొదలుపెట్టకండి. ఏడాదిలోపు ఆవు పాలే ముఖ్య ఆహారమైతే అందులోని ప్రొటీన్, లవణాలు పసి కిడ్నీలకు భారం. కొందరికి పేగుల్లో కంటికి కనిపించనంత రక్తం కూడా పోతుంది. నెలలు నిండకుండా పుట్టినా, బరువు సరిగా పెరగకపోయినా, పాలు పడక దద్దుర్లు, వాంతులు, విరేచనంలో రక్తం కనిపించినా ఇక్కడ చదవడం ఆపి పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి. అలాంటి పిల్లలకు ప్రత్యేక ఫార్ములా నిజంగానే అవసరం కావచ్చు.

సామాను పెద్దగా ఏమీ లేదు. చిన్న స్టీలు గ్లాసు, మిల్లీలీటర్ల గీతలున్న కొలత కప్పు, పాలు. మూతికి గొట్టం ఉన్న రంగురంగుల సిప్పర్లు కొనొద్దు. లోపల పాలు పట్టుకుని వాసన వస్తాయి, తోమడానికి ప్రాణం పోతుంది. స్టీలు గ్లాసే.

ఏ పాలు?

రెండేళ్లు నిండేవరకు వెన్న తీసిన పాలు వద్దు. ప్యాకెట్టు మీద కొవ్వు శాతం చదవండి: ఫుల్ క్రీమ్‌లో 6, స్టాండర్డైజ్డ్‌లో 4.5, టోన్డ్‌లో 3, డబుల్ టోన్డ్‌లో 1.5. ఇంట్లో పెద్దవాళ్లు షుగరనో బరువనో డబుల్ టోన్డ్ తెప్పించుకుంటారు, అదే బిడ్డకూ పోసేస్తారు. బిడ్డ ప్యాకెట్టు వేరుగా తెచ్చుకోండి. విశాఖ డెయిరీదైనా ఇంకొకరిదైనా ఆవు పాలే వాడాలని నా పట్టు. గేదె పాలు పోయించుకుంటే అవీ పర్వాలేదు, కానీ సగానికి సగం నీళ్లు కలిపి "పలచన చేశాను, అరుగుతాయి" అనకండి. పెందుర్తి, ఆనందపురం వైపు నుంచి పాలవాడు తెచ్చే పచ్చి పాలైతే పొంగు వచ్చాక కూడా రెండు నిమిషాలు కలుపుతూ మరగనివ్వాలి.

ఏ2 పాలంటూ (ఏ2 రకం ప్రొటీన్ ఉంటుందని చెప్పి అమ్మే ఆవు పాలు) లీటరుకి రెట్టింపు ధర పెట్టేవాళ్లున్నారు. మీ డబ్బు, మీ ఇష్టం. వాటిలో ఐరన్ ఏమీ ఎక్కువ ఉండదు. పోషకాలు కలిపిన పాలే కావాలనుకుంటే ప్యాకెట్టు మీద ప్లస్ ఎఫ్ గుర్తు చూడండి, వాటిలో విటమిన్ ఎ, డి కలుపుతారు.

మార్చే వారం

ఇది తేలిక. మొదటి రెండు రోజులు మూడు వంతులు డబ్బా పాలు, ఒక వంతు ఆవు పాలు. తర్వాతి రెండు రోజులు సగం సగం. ఆ పైన ఒక వంతు డబ్బావి, మూడు వంతులు ఆవువి. వారానికి పూర్తిగా ఆవు పాలు. ఒక్క జాగ్రత్త: పొడిని ముందు నీళ్లలో కొలత ప్రకారం కలిపి, తర్వాత ఆ పాలను ఆవు పాలలో పోయాలి. పొడి నేరుగా ఆవు పాలలో వేస్తే మరీ చిక్కబడి బిడ్డకు చేటు చేస్తుంది. "బలం" అని అలా వేసేవాళ్లు ఉన్నారు కాబట్టే చెబుతున్నాను. పంచదార, చాక్లెట్ పౌడర్ కలపొద్దు. రెండు రోజులు మూతి తిప్పుకుంటే తిప్పుకోనివ్వండి.

అసలు కష్టం కొలత దగ్గరే

పాలు మార్చడం అందరికీ వస్తుంది. అందరూ చెడగొట్టేది ఇక్కడే. రోజు మొత్తానికి 400 మిల్లీలీటర్లు, మహా అయితే 500. దాటకూడదు. ఇంట్లో పిల్లలు లీటరు దాకా తాగేస్తుంటారు, అమ్మమ్మలు దాన్ని గొప్పగా చెప్పుకుంటారు.

ఎందుకింత పట్టుదలంటే, ఒకటి నుంచి మూడేళ్ల బిడ్డకు రోజుకు 500 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్క. వంద మిల్లీలీటర్ల ఆవు పాలలో సుమారు 120 ఉంటుంది. నాలుగు వందల మిల్లీలీటర్లతో దాదాపు అంతా వచ్చేసింది, మిగతాది తిండిలో వస్తుంది. ఐరన్ మాత్రం రోజుకు 8 మిల్లీగ్రాములు కావాలి. లీటరు ఆవు పాలలో ఒక్క మిల్లీగ్రాము కూడా ఉండదు. పైగా పాలలోని కాల్షియం తిండిలోని ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. కడుపు పాలతో నిండితే బిడ్డ అన్నం ముట్టడు. అన్నం తినలేదని మళ్లీ పాలు పడతారు. ఇలా కొన్ని నెలలు గడిస్తే బొద్దుగా, తెల్లగా, ముద్దొచ్చేలా కనిపించే బిడ్డకు రక్తం ఉండదు. ఆ తెలుపు రంగు కాదమ్మా, రక్తహీనత. మట్టి, సున్నం, బలపం తినడం, మలబద్ధకం, ఊరికే చిరాకు పడటం కనిపిస్తే రక్త పరీక్ష చేయించండి.

డబ్బా కంపెనీల వాదనకు ఆధారం ఈ ఐరనే. అది అబద్ధం కాదు, వాళ్ల పొడిలో ఐరన్ ఉంటుంది. అయితే చాలా రకాల్లో పంచదారో, పిండి పదార్థం నుంచి తీసే మాల్టోడెక్స్‌ట్రినో కూడా ఉంటుంది, ఆ తీపి మరిగిన నోటికి పప్పన్నం చప్పగా ఉంటుంది. రోజుకు 400 మిల్లీలీటర్లు కలిపితే 400 గ్రాముల డబ్బా వారానికి ఖాళీ. నెలకు నాలుగు డబ్బాల ధర లెక్కేసుకుని, ఆ డబ్బుతో రైతు బజార్‌లో ఏమేం వస్తాయో చూడండి. చోళ్లు (రాగులు), తోటకూర, శనగలు, గుడ్లు. తినే ఇళ్లయితే మెత్తగా ఉడికించిన కోడి లివర్, ముళ్లు తీసిన చేప. శనగల్లాంటివి పిల్లల గొంతుకు అడ్డం పడతాయి, ఉడికించి మెదిపే పెట్టాలి. పప్పులో నిమ్మకాయ పిండితే, అన్నం తర్వాత మెత్తటి జామపండు ముక్క పెడితే ఆకుకూరలోని ఐరన్ బాగా పడుతుంది. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్‌ని బీరువాలో దాచకండి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు, అందులో 20 మిల్లీగ్రాముల ఐరన్. పాలతో కలిపి మాత్రం వేయొద్దు.

ఇప్పుడు పాలు తగ్గించే పద్ధతి. పొద్దున ఇడ్లీయో చోడి జావో తిన్నాక 200, సాయంత్రం ఏదైనా తిన్నాక 200. తిండికి ముందు గంటసేపు చుక్క పాలు ఉండకూడదు. పెరుగన్నం పెడితే ఆ పెరుగూ లెక్కలోకే వస్తుంది. బిడ్డ తినకపోతే ప్లేటు తీసేయండి, బదులుగా పాలు ఇవ్వకండి. మరుసటి పూట ఆకలితో తింటాడు. ఈ ఒక్క పూట ఓర్చుకోలేకే సగం ఇళ్లలో పని చెడుతుంది. నానమ్మగారు వంటింట్లో సీసా కలుపుతుంటే అడ్డుపడాల్సింది కోడలు కాదు, కొడుకు. ముందే ఆయన చేత చెప్పించండి.

రాత్రి సీసా అన్నిటికన్నా మొండిది. నోట్లో సీసాతో నిద్రపోతే పాలు పళ్లకు పట్టి ముందు పళ్లు పుచ్చిపోతాయి. పగటి సీసాలను ముందు గ్లాసులోకి మార్చండి. రాత్రి సీసాలో పాలు రోజుకు 30 మిల్లీలీటర్ల చొప్పున తగ్గిస్తూ రండి. బాగా తగ్గాక గ్లాసులో మంచినీళ్లు ఇచ్చి జోకొట్టి పడుకోబెట్టండి. ఏడుస్తుంది. రెండు మూడు రాత్రులు గట్టిగానే ఏడుస్తుంది. ఆఫీసుకి సెలవు దొరికే రోజులు చూసుకుని మొదలుపెట్టండి, మధ్యలో ఒక్క రాత్రి లొంగిపోతే మళ్లీ మొదటికొస్తారు. ఏడాదిన్నరలోపు సీసా ఇంట్లోంచి పోవాలి.

మన దేశంలో రెండేళ్లలోపు పిల్లల పాలపొడికి ప్రకటనలు ఇవ్వకూడదని 1992లో చట్టం చేసి, 2003లో సవరించారు. అయినా మందుల షాపులో "బిడ్డ పెరిగింది కదా, తర్వాతి నంబరు డబ్బా ఇవ్వమంటారా?" అని అడుగుతారు. వద్దని వచ్చేయండి.

మిగిలిన డబ్బా

తెరిచిన పొడిని డబ్బా మీద రాసిన గడువులోపే వాడాలి. మన తీరప్రాంతపు తేమకు అంతకంటే ముందే గడ్డకడుతుంది. గడువు ఉంటే చోడి జావలో ఒక చెంచా వేసి అవగొట్టండి, లేదంటే పారేయండి. పనిమనిషి బిడ్డకు ఇస్తానంటారు కొందరు, ఆ బిడ్డకూ అక్కర్లేదు.