స్టోరీ చూసి "ఎంతండి?" అన్నవాళ్లకి వెంటనే జవాబు వెళ్లాలంటే

వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఒక చీరల బొటిక్ అనుకుందాం. రాత్రి తొమ్మిదింటికి ఇన్‌స్టాగ్రామ్‌లో ఎనిమిది స్టోరీలు పెట్టి షట్టర్ దించేశారు. పడుకునేలోపు ముప్పై రిప్లైలు, అందులో సగానికి పైగా "ఎంతండి". పొద్దున పదింటికి షాపు తీసి ఒక్కొక్కరికీ రేటు చెప్పుకుంటూ వచ్చేసరికి అడిగినావిడ ఇంకోచోట కొనేసుకుని ఉంటారు. మార్గశిర గురువారాల ముందు, సంక్రాంతి ముందు ఇది రోజూ జరిగే నష్టం. రేటు, అడ్రస్, డెలివరీ లాంటి ఖాయమైన జవాబులున్న ప్రశ్నలు ఆటోమేషన్‌కి వదిలేస్తే చాలావరకు ఆగుతుంది.

రోజుకి పది పదిహేను రిప్లైలు దాటనివాళ్లకి ఆటోమేటిక్‌గా జవాబులు పంపే టూల్ ఏదీ అక్కర్లేదు. ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫెషనల్ అకౌంట్‌లోనే సేవ్డ్ రిప్లైస్ ఉంటాయి. అడ్రస్, డెలివరీ ఛార్జీలు, కొలతల వివరాలు ఒక్కోటీ ఒక షార్ట్‌కట్‌తో దాచుకుంటే రెండు నొక్కుళ్లలో పంపేయొచ్చు, పైసా ఖర్చు లేదు. అంతకు మించి వస్తుంటే, ముఖ్యంగా రాత్రిపూట వస్తుంటే, కింది పద్ధతి పెట్టుకోండి.

ముందు కోడ్, తర్వాతే టూల్

"ఎంతండి" అన్న రిప్లైలో కోడ్, అంటే చీర నంబరు, లేకపోతే రేటు చెప్పలేం. ఏ చీర? స్టోరీ 24 గంటలకి పోతుంది, దాంతోపాటే చాట్‌లో కస్టమర్‌కి కనిపించే బొమ్మా పోతుంది. మర్నాడు సాయంత్రం ఆవిడ తిరిగొచ్చి "నిన్న అడిగిన ఆకుపచ్చది" అంటే అటు ఆవిడకీ ఇటు మీకూ వెతుకులాటే. అందుకని ప్రతి స్టోరీ మీదా మూడంకెల నంబరు వేసి, పక్కన ఒక్క మాట రాయండి: "రేటు కోసం 214 అని రిప్లై ఇవ్వండి".

నంబరుకి భాష గొడవ ఉండదు. తెలుగులో కొట్టేవాళ్లు, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొట్టేవాళ్లు, హిందీవాళ్లు, అందరూ 214నే కొడతారు. హైలైట్స్‌లో దాచిన స్టోరీకి మూడు నెలల తర్వాత రిప్లై వచ్చినా అదే నంబరు పనిచేస్తుంది.

నంబర్లు ఎంచుకోవడంలో రెండు జాగ్రత్తలు. 500, 750, 999 లాంటివి కోడ్‌లుగా వాడొద్దు. "500కి ఇస్తారా?" అని బేరమాడినవాళ్లకి 500వ నంబరు చీర వివరాలు వెళ్లిపోతాయి. 530 కూడా వద్దు, నగరంలో పిన్‌కోడ్‌లు దానితోనే మొదలవుతాయి. అడ్రస్ పంపినవాళ్లకి రేటు చెప్పడం ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో ఊహించండి. టూల్‌లో పోలిక పద్ధతి అడిగినప్పుడు "ఈ మాట ఉంటే చాలు" అన్నది వదిలేసి "పూర్తి పదం" అన్నది ఎంచుకుంటే ఫోన్ నంబరు మధ్యలో ఉన్న 214కి కూడా జవాబు పోకుండా ఉంటుంది.

కలపడం

1. అకౌంట్ ప్రొఫెషనల్‌ది అయ్యుండాలి, బిజినెస్ గానీ క్రియేటర్ గానీ. పర్సనల్ అకౌంట్‌కి ఇన్‌స్టాగ్రామ్ సంస్థ మెటా ఈ దారి ఇవ్వదు. సెట్టింగ్స్‌లో అకౌంట్ టైప్ అండ్ టూల్స్ దగ్గర మార్చుకోవచ్చు.

2. సెట్టింగ్స్‌లో మెసేజెస్ అండ్ స్టోరీ రిప్లైస్, అందులో మెసేజ్ కంట్రోల్స్, అందులో కనెక్టెడ్ టూల్స్. అక్కడ "అలౌ యాక్సెస్ టు మెసేజెస్" ఆన్ చేయాలి. అన్నీ సరిగ్గా పెట్టినా ఏమీ కదలడం లేదంటే ముందు చూడాల్సింది ఈ స్విచ్చే. అదే మెనూలో స్టోరీ రిప్లైలు ఎవరి నుంచి రావాలో కూడా ఉంటుంది, అందరికీ తెరిచి ఉంచండి.

3. మెనీచాట్ లాంటి టూల్‌ని కలిపేటప్పుడు మెటా సొంత లాగిన్ పేజీ తెరుచుకుని అనుమతులు అడుగుతుంది. మెసేజ్‌లకి సంబంధించిన టిక్ తీసేయకండి. మీ ఇన్‌స్టాగ్రామ్ పాస్‌వర్డ్ తన పేజీలోనే కొట్టమనే టూల్ ఎంత చవకైనా దగ్గరకి రానివ్వొద్దు. అకౌంట్ పోతే పదివేల ఫాలోయర్లూ పోయినట్టే.

4. మెటా బిజినెస్ సూట్‌లో ఇంతకుముందు ఇన్‌స్టంట్ రిప్లై గానీ అవే మెసేజ్ గానీ పెట్టి ఉంటే ఆపేయండి. రెండూ నడిస్తే కస్టమర్‌కి ఒకే ప్రశ్నకి రెండు జవాబులు వెళ్తాయి, ఒకటి "త్వరలో సంప్రదిస్తాం" అని, ఇంకోటి రేటుతో.

5. టూల్‌లో స్టోరీ రిప్లై ట్రిగ్గర్ (స్టోరీకి రిప్లై రాగానే పని మొదలుపెట్టే నియమం) తెరిచి "అన్ని స్టోరీలు" ఎంచుకోండి. ఒక్కో స్టోరీకి విడిగా పెట్టే వీలూ ఉంది గానీ రోజుకి ఎనిమిది స్టోరీలు పెట్టే షాపుకి అది రోజూ ఎనిమిది పనులు. పెద్ద ఆఫర్ ఉన్న రోజు ఆ ఒక్క స్టోరీకి వాడుకోండి. కోడ్‌ల జవాబులు మాత్రం మామూలు మెసేజ్ కీవర్డ్‌లుగా (మెసేజ్‌లో ఉంటే జవాబు వెళ్లే మాటలుగా) కూడా పెట్టాలి, స్టోరీ పోయాక నేరుగా 214 అని మెసేజ్ చేసేవాళ్లు ఉంటారు.

సొంతంగా ప్రోగ్రాం రాయించుకునేవాళ్లకి ఒక మాట: వెబ్‌హుక్‌లో (కొత్త మెసేజ్ రాగానే మెటా మీ ప్రోగ్రాంకి పంపే సమాచారంలో) వచ్చే మెసేజ్‌తోపాటు అది ఏ స్టోరీకి రిప్లైయో ఆ స్టోరీ ఐడీ కూడా వస్తుంది. పోస్ట్ చేసిన వెంటనే ఐడీకీ కోడ్‌కీ జత రాసి పెట్టుకుంటే కస్టమర్ నంబరు కొట్టకపోయినా ఏ చీరో తెలిసిపోతుంది.

మాటల జాబితా: అసలు తప్పులు ఇక్కడే

నంబరు కొట్టమన్నా సగంమంది కొట్టరు. "రేటు", "ధర", "ఎంత", "ప్రైస్", "కాస్ట్" అంటారు. వీళ్లకి నేరుగా రేటు చెప్పకుండా "స్టోరీ మీద ఉన్న మూడంకెల నంబరు పంపండి, వెంటనే రేటు వస్తుంది" అని పంపాలి. కానీ ఈ మాటల్ని కీవర్డ్‌లుగా పెట్టడంలో తెలుగుకి ప్రత్యేకమైన చిక్కులున్నాయి.

"ఎంత" అని పెట్టారనుకోండి. "ఎంత బాగుందో!" అని మెచ్చుకున్నావిడకి కూడా నంబరు పంపమని వెళ్తుంది. మనసారా అన్న మాటకి ఇలాంటి జవాబు వస్తే మళ్లీ ఇంకో మాట రాయాలనిపించదు. కాబట్టి "బాగుంది", "బాగుందో", "అందంగా", "సూపర్" ఉన్నవాటికి పైన ఒక నియమం పెట్టి, అవి ముందు తగిలేలా చూడండి. "సూపర్ అండి, రేటెంత?" లాంటిది కూడా వస్తుంది కాబట్టి ఈ నియమం ఇచ్చే జవాబులో ధన్యవాదంతోపాటు "వివరాలు కావాలి" అన్న బటన్ ఉండాలి.

ఇంగ్లిష్ అక్షరాల్లో ఇంకా ఇబ్బంది. "ఎంత"ని కొందరు టి తర్వాత హెచ్ పెట్టి రాస్తారు, కొందరు పెట్టరు, కొందరు ముందు వై పెడతారు. అంటే నాలుగు రూపాలు, చివర ఏ సాగదీస్తే ఇంకా ఎక్కువ. హెచ్ లేని రూపాన్ని "మధ్యలో ఉన్నా చాలు" అన్న పద్ధతిలో పెడితే "ఏంటండి ఇది" అన్నవాళ్లకీ తగులుతుంది, ఎందుకంటే "ఏంటండి"ని ఆ అక్షరాల్లో రాస్తే మొదటి నాలుగూ అవే. "ఉందా" కోసం యు, ఎన్, డి, ఏ పెడితే "బాగుందండి" మధ్యలో అదే వరుస దొరుకుతుంది. ఇంగ్లిష్‌లో "రేట్" అని పెడితే "డెకరేట్", "సెలబ్రేట్" చివర్లో తగులుతుంది. పూర్తి పదం పద్ధతి వాడి, రూపాలన్నీ విడివిడిగా రాయడమే దీనికి మందు. గత నెల మెసేజ్‌లు తిరగేసి మీ కస్టమర్లు నిజంగా ఎలా కొట్టారో అలాగే ఎత్తి రాయండి. మనం ఊహించి రాసిన జాబితా ఎప్పుడూ చాలదు.

అన్నిటికంటే పైన ఉండాల్సిన నియమం ఫిర్యాదులది. "రాలేదు", "చిరిగింది", "డ్యామేజ్", "రిఫండ్", "రంగు పోయింది" అన్న మాటలుంటే కొత్త చీర రేటు ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్లకూడదు. ఆటోమేషన్ ఆగిపోయి మీ ఫోన్‌కి నోటిఫికేషన్ రావాలి. వాయిస్ మెసేజ్‌లూ ఫొటోలూ కూడా మనిషికే వెళ్లాలి, కీవర్డ్‌కి అవి అందవు.

జవాబు రాయడం

214కి జవాబు ఇలా ఉంటే సరిపోతుంది:

"నమస్తే అండి. 214: మంగళగిరి కాటన్, జరీ అంచు, బ్లౌజ్‌తో కలిపి రూ. 1,650. ఆకుపచ్చ, మెరూన్ ఉన్నాయి. ఇది ఆటోమేటిక్ జవాబు. మా వాళ్లు ఉదయం 10 నుంచి రాత్రి 8 దాకా మాట్లాడతారు."

కింద మూడు క్విక్ రిప్లైలు: "ఇది కావాలి", "డెలివరీ ఎప్పుడు", "మనిషితో మాట్లాడాలి". ఆటోమేటిక్ అని చెప్పేయడం మంచిది. అవతల మనిషే ఉన్నారనుకుని ప్రశ్న మీద ప్రశ్న వేసి, జవాబు రాకపోతే నొచ్చుకునేవాళ్లు ఎక్కువ.

మెసేజ్ పొడవుకి ఒక హద్దుంది. టూల్ ద్వారా వెళ్లే మెసేజ్ 1000 బైట్లు దాటకూడదు. ఇంగ్లిష్ అక్షరం ఒక బైటు. తెలుగులో ప్రతి అక్షరం, గుణింతం, పొల్లు విడివిడిగా మూడేసి బైట్లు. "స్త్రీ" అన్నది కంటికి ఒక్క అక్షరమే, లెక్కలో ఆరు గుర్తులు, 18 బైట్లు. అంటే తెలుగు మెసేజ్‌కి దాదాపు 330 గుర్తులే చోటు. ఇంగ్లిష్‌లో చక్కగా వెళ్లిన మెసేజ్ తెలుగులోకి మార్చగానే వెళ్లడం మానేస్తే కారణం ఇదే అయ్యుంటుంది. రెండు మెసేజ్‌లుగా విడగొట్టండి. క్విక్ రిప్లై పేరుకి 20 గుర్తులే చోటు: "డెలివరీ ఎప్పుడు వస్తుంది" 24 అవుతుంది, తోక తెగుతుంది. "డెలివరీ ఎప్పుడు" 15తో సరిపోతుంది. క్విక్ రిప్లైలు ఫోన్ యాప్‌లోనే కనిపిస్తాయి, కంప్యూటర్‌లో చూసేవాళ్లకి కనిపించవు. అందుకని ముఖ్యమైన మాట మెసేజ్‌లోనే ఉండాలి.

డెలివరీ జవాబులో "వైజాగ్ అంతా" అని రాయకండి. గాజువాక, మధురవాడ, పెందుర్తి, భీమిలి పేర్లు పెట్టి ఒక్కోదానికి ఛార్జీ, ఏ రోజు వెళ్తుందో రాయండి. లేకపోతే "మరి గాజువాకకి?" అన్న రెండో ప్రశ్న ఖాయం. షాపు అడ్రస్‌కి సెక్టార్ నంబరు ఒక్కటే చాలదు, రైతు బజార్ నుంచి ఎటు తిరగాలో ఒక వాక్యం, మ్యాప్ లింకు. వాట్సాప్ లింకు ఇస్తే నంబరు ముందు 91 ఉండాలి, ప్లస్ గుర్తూ సున్నా ఉండకూడదు.

ఉత్త ఎమోజీ వచ్చినప్పుడు మెసేజ్ పంపకపోవడమే మేలు. వరసగా ఆరు స్టోరీలకి గుండె బొమ్మ పెట్టినావిడకి ఆరు మెసేజ్‌లు వెళ్తే మ్యూట్ చేసేస్తారు. కావాలంటే 24 గంటల్లో ఒక్కసారే వెళ్లేలా హద్దు పెట్టండి. స్టోరీకి లైక్ కొడితే అది మెసేజ్‌గా రాదు, దానికి జవాబు ఇవ్వడానికేమీ లేదు.

మనిషికి అప్పజెప్పడం

టూల్ జవాబు పంపగానే ఆ సంభాషణ ఇన్‌బాక్స్‌లో చదివినట్టు మారిపోతుంది. నల్లగా కనిపించే కొత్త మెసేజ్‌ల కోసం వెతికే షాపు అమ్మాయికి అది కంటపడదు. "ఇది కావాలి" నొక్కి రాత్రంతా ఎదురుచూసిన కస్టమర్ ఇలాగే జారిపోతారు. కాబట్టి ఆ బటన్ నొక్కగానే ఒక ట్యాగ్ పడాలి, షాపు ఫోన్‌కి నోటిఫికేషన్ రావాలి. పొద్దున మొదటి పని ఆ ట్యాగ్ జాబితా చూడడం. మనిషి రంగంలోకి దిగాక ఆ సంభాషణలో ఆటోమేషన్ ఆగేలా పెట్టండి, కనీసం ఒక పూట.

ఇంకో గడువుంది. కస్టమర్ చివరి మెసేజ్ నుంచి 24 గంటల వరకే టూల్ తనంతట తాను పంపగలదు. శనివారం రాత్రి అడిగినవాళ్లకి ఆదివారం సెలవు పెట్టి సోమవారం టూల్ తనంతట తాను పంపబోతే వెళ్లదు. ఇన్‌స్టాగ్రామ్ యాప్ తెరిచి చేత్తో కొడితే వెళ్తుంది. కస్టమర్ బటన్ నొక్కినా అది కొత్త మెసేజ్ కిందే లెక్క, గడువు మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. ఆ మొదటి జవాబు కింద బటన్లు పెట్టమన్నది అందుకు కూడా.

మొదలుపెట్టే ముందు, మొదలుపెట్టాక

మీ అకౌంట్ నుంచి మీ స్టోరీకే రిప్లై ఇచ్చి చూసుకోలేరు, ఇంట్లోవాళ్ల ఫోన్ కావాలి. ఆ ఫోన్ నుంచి ఆరు పంపండి: కోడ్, "ఎంతండి", "ఎంత బాగుందో", "ఏంటండి ఇది" ఇంగ్లిష్ అక్షరాల్లో, "పార్శిల్ రాలేదు", ఒక ఎమోజీ. ఆరూ సరిగ్గా వెళ్లాకే స్టోరీ మీద "రిప్లై ఇవ్వండి" అని రాయండి.

బాగా నడుస్తున్నది ఒక్కసారిగా ఆగితే, ఎవరైనా పాస్‌వర్డ్ మార్చారేమో కనుక్కోండి. మారిస్తే అనుమతి తెగిపోతుంది, టూల్‌లోకి వెళ్లి మళ్లీ కలపాలి.

వారానికోసారి, షాపులో జనం తక్కువుండే పూట, ఏ నియమానికీ తగలని రిప్లైలు ఒక ఇరవై చదవండి. కొత్త రూపాలు జాబితాలోకి ఎక్కించండి. అమ్ముడైపోయిన కోడ్‌ల జవాబులు తుడిచేయకుండా "214 అయిపోయిందండి. ఇదే నేతలో 231, 236 ఉన్నాయి, నంబరు పంపితే వివరాలు వస్తాయి" అని మార్చండి. హైలైట్స్ చూసి అడిగేవాళ్లు ఆ నంబర్లే కొడుతుంటారు.