టిక్కెట్టు లేని తోటలు: పిల్లాపాపలతో ఉద్దానం వెళ్లాలంటే

మా తమ్ముడు పుణేలో ఉంటాడు. నాసిక్ ద్రాక్షతోటలకు ఇంటిల్లిపాదినీ తీసుకువెళ్లి, వచ్చాక ఫోనులో గంటసేపు చెప్పాడు. అక్కడ జనవరి నుంచి మార్చి దాకా కోతల కాలం. తోట వరుసల మధ్య తిప్పి చూపిస్తారు, తొట్టెలో పోసిన ద్రాక్షను కాళ్లతో తొక్కనిస్తారు, చివర్లో వైన్ రుచి చూపిస్తారు. మహారాష్ట్రలో 21 ఏళ్లు నిండనివారికి ఆ గ్లాసు అందదు. పిల్లలూ, మద్యం వాసనే గిట్టని మా అమ్మా గొడుగు కింద ద్రాక్షరసం తాగుతూ కూర్చున్నారట. "తోట చూడటానికి టిక్కెట్టేమిటి, చోద్యం కాకపోతే!" అని అమ్మ ఇప్పటికీ అంటుంది.

మాది శ్రీకాకుళం జిల్లాలో పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గ. జీడితోటల ఉద్దానం అంటే ఈ ప్రాంతమే. మరుసటి ఏప్రిల్‌లో తమ్ముడి కుటుంబం వచ్చినప్పుడు మన జీడితోటలు చూపించే పని నేను నెత్తిన వేసుకున్నాను. ఇక్కడ బోర్డులు ఉండవు, గైడ్లు ఉండరు, టిక్కెట్టు అసలే లేదు. అందుకే ఎలా వెళ్లాలో ఎవరో ఒకరు చెప్పాలి.

మార్చి నెలాఖరు నుంచి ఏప్రిల్ నెలాఖరు లోపు రండి. పూత చలికాలంలోనే వచ్చేస్తుంది, పండు మాత్రం ఎండలు ముదిరితేనే. పనిలో పనిగా టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి వలస వచ్చే పక్షులను కూడా చూద్దామని చాలామంది అనుకుంటారు. ఆ గూడబాతులు మార్చి దాటితే తిరుగు ప్రయాణం కడతాయి. రెండూ ఒకే రోజున కుదరాలని పట్టుపడితే రెండూ సగం సగమే చూస్తారు. ఏదో ఒకటి ఎంచుకోండి.

శ్రీకాకుళం వైపు నుంచి రైల్లో వచ్చేవారు పలాసలో దిగాలి. కారైతే జాతీయ రహదారి మీదుగా నేరుగా రావచ్చు. వజ్రపుకొత్తూరు, మందస వైపు ఎటు తిరిగినా తోటలే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఇక్కడి పాత చెట్లను వేళ్లతో సహా పెకలించింది. అందుకే కొన్ని తోటల్లో చెట్లు పొట్టిగా, పిల్లలకు అందేంత ఎత్తులో ఉంటాయి. తర్వాత నాటినవి ఇప్పుడు కాపులో ఉన్నాయి.

తోటకు పొద్దున ఏడు తర్వాత వెళ్లి పదిలోపు బయటపడండి. ఏడుకు ముందు వద్దనడానికి కారణం ఎలుగుబంట్లు. జీడి, పనస పండే రోజుల్లో అవి తోటల్లోకి దిగుతాయి. వజ్రపుకొత్తూరు మండలంలో 2022లో ఎలుగు దాడిలో ప్రాణం కూడా పోయింది. తెల్లవారుజామున, సందెవేళ తోటలోకి అడుగు పెట్టవద్దు. ఊరివాళ్లు తోడు లేకుండా లోపలి దాకా అసలే వెళ్లవద్దు.

గట్టు మీద నిలబడి "పిక్కలు ఏరుతున్నారా?" అని పలకరించండి. ఇక్కడ గింజను పిక్క అంటారు. ఏడాది సంసారమంతా దాని మీదే నడుస్తుంది. పండి రాలిన పండును ఏరి, పిక్కను చేత్తో మెలితిప్పి వేరు చేసి, పండును అక్కడే వదిలేస్తారు. గోవాలో ఇదే పండును పిండి, పులియబెట్టి, కాచి ఫెనీ అనే మద్యం తీస్తారు. దానికి 2009లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన దగ్గర అది చెట్టు కిందే కుళ్లిపోతుంది, లేదా పశువులు తింటాయి. కాబట్టి మీకు పండు ఎంతైనా తినమంటారు, వయసు అడగరు. తిన్న పండు తాలూకు పిక్కను మాత్రం వాళ్ల బుట్టలో వేయాలి. ఇది ఎవరూ నోరు తెరిచి చెప్పరు. పిల్లవాడు జేబులో వేసుకుంటే నవ్వి ఊరుకుంటారు కూడా. మీరే చెప్పి దాన్ని బుట్టలో వేసేలా చూడండి.

పండు అలాగే కొరికితే గొంతు గరగరలాడుతుంది. ముక్కలు కోసి, ఉప్పు రాసి, కాసేపు ఉంచి తినండి. ఉప్పు పొట్లం ఇంటి నుంచే తెచ్చుకోండి. రసం పడితే మరక పోదు, పాత బట్టలు వేసుకోండి. మా మరదలు తెల్లచీరలో వచ్చింది. ఆ చీర ఇప్పుడు మా ఇంట్లో మసిగుడ్డ.

పచ్చి పిక్కను ఎవరూ పళ్లతో కొరకకూడదు. నేను మూడుసార్లు చెప్పినా మా మేనల్లుడు కొరికాడు, పెదవులు పొక్కి వారం రోజులు పెరుగన్నంతోనే గడిపాడు. పిక్క పెంకులో చర్మాన్ని కాల్చే నూనె ఉంటుంది. బట్టల మీద చెరగని గుర్తు పెట్టే నల్లజీడికీ దీనికీ చుట్టరికం ఉంది. జీడిమామిడి అనే పేరులోనే ఆ సంగతి దాగి ఉంది: జీడి, మామిడి, ఇది, మూడూ ఒకే కుటుంబం చెట్లు.

తర్వాత పలాస, కాశీబుగ్గల్లోని జీడి పరిశ్రమ ఒకటి చూడాలి. ముందురోజే ఫోను చేసి, పని నడుస్తోందో లేదో అడిగి వెళ్లండి. పిక్కల బస్తా అంటే ఇక్కడ 80 కిలోలు. ఎండబెట్టి, ఆవిరికి ఉడికించి, ఆరనిచ్చి, పెంకు కోసి, లోపలి పప్పును వేడిగదిలో ఆరబెట్టి, పొట్టు తీసి, సైజుల వారీగా వేరు చేస్తారు. చివరికి పప్పుగా తేలేది బస్తాలో సుమారు నాలుగో వంతు. పిల్లలను బాయిలర్ దగ్గరా, పెంకు కోసేచోటా నిలబెట్టకండి. పొట్టు తీసే ఆడవాళ్ల పక్కన కూర్చోబెట్టండి. వేడివేడిగా, కొంచెం పొట్టు అంటుకుని ఉన్న పప్పు అక్కడే నోట్లో పెడతారు. నాసిక్ గ్లాసుకు మన జవాబు అదే. ఫొటో తీసే ముందు వాళ్లను అడగండి. వాళ్లకు చేసిన పనిని బట్టి కూలి, మీతో మాట్లాడిన ప్రతి నిమిషమూ వాళ్ల సంపాదనలోంచి పోతుంది.

కొనేటప్పుడు 180, 240, 320 అనే అంకెలు వినిపిస్తాయి. ఒక పౌనుకు, అంటే 454 గ్రాములకు తూగే గుండు పప్పుల లెక్క అది. అంకె చిన్నదైతే పప్పు పెద్దది, ధర ఇంకా పెద్దది. పెళ్లి పళ్లెంలోకైతే 180 కొనండి. పాయసానికీ కూరకూ బద్ద చాలు. రుచిలో తేడా ఉందనేవాడు అమ్మేవాడే. విరిస్తే టప్పున విరగాలి, వంగితే చెమ్మ పట్టినట్టు.

మధ్యాహ్నం ఎక్కడైనా పచ్చి జీడిపప్పు కూర దొరికితే ఇంకేమీ అడగకండి. ఎండ తగ్గాక అక్కుపల్లి శివసాగర్ తీరానికి వెళ్లవచ్చు. పిల్లలను మడమల లోతు దాటనివ్వకండి. చీకటి పడకముందే పలాస చేరుకోండి. స్టేషన్‌లో రైలు ఎక్కువసేపు ఆగదు, పప్పు సంచులు చేతిలోనే పట్టుకుని నిలబడండి. మా తమ్ముడు బల్ల మీద పెట్టి రైలెక్కాడు. రెండు కిలోలు, 240 రకం.